కొలంబస్ (ఇండియానా)లో పిల్లలతో కాపురం ఎలా ఉంటుంది?

వాకడ్ టీచరమ్మ:

నమస్కారమండీ. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. పన్నెండేళ్ళుగా పుణెలో ఉంటున్నాం. మావారు కమిన్స్ అనే ఇంజన్ల కంపెనీలో పనిచేస్తారు. ఇప్పుడు మూడేళ్ళకి ఎల్1 వీసా (కంపెనీయే తన ఉద్యోగిని పంపే వీసా) మీద అమెరికా వెళ్ళమంటున్నారు, ఇండియానాలోని కొలంబస్‌కి. పాప మూడో తరగతిలోకి వస్తుంది, బాబుకి నాలుగేళ్ళు. నేను ఇక్కడ బడిలో లెక్కలు చెబుతాను, అది మానుకోవాలి.

నెట్‌లో వెతికితే సగం ఒహాయోలోని కొలంబస్ గురించే వస్తోంది. ఇండియానాది యాభై వేల జనాభా ఉన్న ఊరట. "మన తణుకంత కూడా లేదు, దానికోసం సముద్రాలు దాటాలా" అంటున్నారు మా అత్తగారు. పిల్లలకి చాలా మంచి ఊరు అని ప్రతివాళ్ళూ అంటున్నారు గానీ, మంచిదంటే ఏమిటో ఎవరూ చెప్పరు. అక్కడ ఒక మామూలు మంగళవారం ఎలా గడుస్తుందో ఎవరైనా చెబుతారా? నాకు డ్రైవింగ్ రాదు.

ఒకసారి మోసపోయినవాడు:

టికెట్లు కొనేటప్పుడు ఊరి పేరు చూసి కొనకండి. మా బావమరిది కొలంబస్ అని చూసి ఒహాయో కొలంబస్‌కి కొన్నాడు. రాత్రి పదకొండుకి దిగి, అక్కడినుంచి కారులో మూడు గంటలు. మీరు దిగాల్సింది ఇండియానాపొలిస్‌లో. ఇంతకు మించి నాకేం తెలీదు, వాడు తిట్టిన తిట్లు తప్ప.

కరివేపాకు కుండీ:

మీ ప్రశ్న చూసి నవ్వొచ్చింది, ఎందుకంటే మేమూ మూడేళ్ళకనే వచ్చాం. తాడేపల్లిగూడెం నుంచి పుణె, పుణె నుంచి ఇక్కడికి, 2016 ఆగస్టులో. వీసాలు మారాయి, ఇల్లు మారింది, ఊరు మాత్రం మారలేదు.

పిల్లల సంగతి తర్వాత చెబుతాను, ముందు మీ సంగతి. పిల్లలకి బాగుంటుంది, దాని గురించి టెన్షన్ వద్దు. మీవారికి ఆఫీసు ఉంటుంది. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా మీరేం చేస్తారన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడుతుంది. నాకిది ఎవరూ చెప్పలేదు.

మాకు మొదట్లో ఒకటే కారు, అది ఆయన తీసుకెళ్ళేవారు. దగ్గర్లోని కొట్టు మైలు దూరం. దారిలో సగందాకా ఫుట్‌పాత్ ఉంటుంది, అక్కడితో ఆగిపోతుంది, తర్వాత గడ్డి. బాబుని స్ట్రోలర్‌లో వేసుకుని ఆ గడ్డిలో తోసుకుంటూ వెళుతుంటే ఒక ముసలాయన ట్రక్కు ఆపి, కారు చెడిపోయిందా అని అడిగాడు. లేదండీ, పాలకి వెళుతున్నానన్నాను. ఆయన నమ్మలేదు. నేను కొట్టు దాకా వెళ్ళేవరకూ వెనకే నెమ్మదిగా వచ్చాడు. అప్పుడు భయపడ్డాను. ఇప్పుడైతే ఎక్కి కూర్చునేదాన్నేమో!

మూడో వారం లైబ్రరీ దొరికింది. అక్కడితో నా కథ మారింది. ఊరి నడిబొడ్డున ఎర్ర ఇటుకల కట్టడం, ఐ. ఎం. పేయ్ అనే ఆర్కిటెక్టు డిజైన్ చేసింది, 1969 నాటిది. ముందు ఖాళీ స్థలంలో హెన్రీ మూర్ చేసిన పెద్ద కంచు ఆర్చ్ ఉంటుంది. దాని కింద మా పిల్లలు దొంగా పోలీసు ఆడారు. ఎదురుగా రోడ్డు దాటితే ఏలియెల్ సారినెన్ కట్టిన చర్చి, 1942ది. ఇవన్నీ చూడ్డానికి ఎక్కడెక్కడినుంచో జనం కెమెరాలేసుకుని వస్తారు, మేమేమో గడువు దాటిన పుస్తకాలు తిరిగివ్వడానికి పరిగెత్తుతుంటాం.

ఇంత చిన్న ఊళ్ళో ఇవన్నీ ఎందుకున్నాయంటే, కమిన్స్‌ని నడిపిన జె. ఇర్విన్ మిల్లర్ అనే ఆయన వల్ల. పెద్ద ఆర్కిటెక్టులతో కట్టించండి, వాళ్ళ ఫీజు మా ఫౌండేషన్ ఇస్తుందన్నాడు. అలా మొదట వచ్చింది ఒక ఎలిమెంటరీ స్కూలు, 1957లో. తర్వాత మరిన్ని బళ్ళు, చివరికి ఫైర్ స్టేషన్ కూడా. మంచి ఇంజనీర్లు ఈ పల్లెకి రావాలంటే వాళ్ళ పిల్లలకి మంచి బడి ఉండాలి కదా. మీరూ నేనూ ఇక్కడికి రావడానికి ఆ లెక్కే కారణమనిపిస్తుంది నాకు.

లైబ్రరీలో చంటిపిల్లలకి కథలు చెప్పే గంట ఉంటుంది. నా మొదటి స్నేహాలు అక్కడే. ఒక మరాఠీ అమ్మాయి, ఒక మెక్సికన్ ఆవిడ, ఒక రిటైరైన నర్సు. ఆ నర్సే నాకు డ్రైవింగ్ నేర్పింది. స్టాప్ బోర్డు దగ్గర కారు పూర్తిగా ఆపలేదని మొదటిసారి టెస్టులో ఫెయిలయ్యాను. పుణెలో అలా పూర్తిగా ఆపితే వెనకవాడు గుద్దుతాడని చెబితే ఆవిడ పగలబడి నవ్వింది.

ఇక మంగళవారం అడిగారు కదా. డిసెంబరు చివర్లో ఇక్కడ తెల్లవారేసరికి ఎనిమిదవుతుంది. పిల్లలు చీకట్లో బస్సెక్కుతారు, ఆ నెలలు నిజంగానే భారంగా ఉంటాయి. జూన్‌లో రాత్రి తొమ్మిదైనా వెలుగు పోదు, అన్నం తిననని పిల్లలు వీధిలోనే ఉంటారు. మా వీధిలో సైకిళ్ళు రాత్రంతా గడ్డిలో పడుంటాయి, ఎవరూ ముట్టుకోరు.

మా అత్తగారు వచ్చి ఆరు నెలలున్నారు. రోజూ పిల్లల్ని బస్సెక్కించి, డ్రైవరమ్మకి రెండు చేతులెత్తి నమస్కారం పెట్టేవారు. ఆవిడ ఇండియా వెళ్ళిపోయిన మర్నాడు నేను నిలబడితే, డ్రైవరమ్మ స్టీరింగు వదిలి నాకు నమస్కారం పెట్టి, "అమ్మమ్మ ఏరీ?" అని అడిగింది. నానమ్మ అని సరిదిద్దబుద్ధి కాలేదు.

ఊరు పల్లె స్వభావం పోలేదు. జులైలో కౌంటీ ఫెయిర్ జరుగుతుంది. ఫోర్-హెచ్ అని పిల్లల సంఘం ఉంటుంది, మూడో తరగతి నుంచి చేర్చుకుంటారు, మీ పాపకి సరిగ్గా సరిపోతుంది. కుట్టుపని, వంట, ఫొటోలు, కుందేళ్ళు, మేకలు, ఏదైనా ప్రాజెక్టు చేసి ఫెయిర్‌లో పెడతారు. మా అమ్మాయి బిస్కెట్లు చేసి పెట్టింది, రిబ్బన్ వచ్చింది. పక్కింటి కుర్రాడు నెలల తరబడి సాకిన పందిని వేలానికి పెట్టి, డబ్బు జేబులో వేసుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. పక్కనే నిలబడి వాళ్ళమ్మా ఏడ్చింది. కోడిగుడ్డు కూడా ముట్టని నాకేం చెప్పాలో తెలియలేదు.

తిండికి ఇబ్బంది లేదు, తిరుగుడే. పెద్ద సరుకులకి 45 మైళ్ళు, ఇండియానాపొలిస్ దాకా వెళతాం, రెండు వారాలకోసారి. గుడికీ అటే కాబట్టి ఒకే దెబ్బకి రెండు పనులు. గోంగూర పెరట్లో మే నుంచి సెప్టెంబరు దాకా విరగకాస్తుంది. కరివేపాకు మాత్రం అక్టోబరులో కుండీతో సహా ఇంట్లోకి తెచ్చుకోవాలి. నా కుండీకి ఎనిమిదేళ్ళు, నా కొడుకులానే చూసుకుంటాను.

ఇల్లు చూసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. 2008 జూన్‌లో ఇక్కడ పెద్ద వరద వచ్చింది, హా క్రీక్ పొంగి ఊళ్ళో ఆసుపత్రిలోకే నీళ్ళు వచ్చాయి, రోగులందరినీ తరలించారు. వాగు పక్కన ఇల్లు చవగ్గా వస్తోందంటే ముందు వరద మ్యాపు అడగండి.

ఫ్రిస్కో నాన్న:

పై అక్క చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కానీ మేం మూడేళ్ళే ఉండగలిగాం, 2019 నుంచి. ఇంకోవైపు కూడా వినండి.

పిల్లలు చిన్నవాళ్ళయితే ఆ ఊరు స్వర్గం. మావాడు తొమ్మిదో తరగతిలో వచ్చాడు. అక్కడి పిల్లలందరూ కిండర్‌గార్టెన్ నుంచీ ఒకేచోట పెరిగినవాళ్ళు. కొత్తవాడితో మర్యాదగా మాట్లాడతారు, ఇంటికి మాత్రం పిలవరు. వాడి తరగతిలో ఇండియన్లు ఉన్నారు, తెలుగువాడు వీడొక్కడే.

ఇంకోటి ఎవరూ చెప్పరు. అది ఒక కంపెనీ ఊరు. పార్కులో కలిసేవాడు కొలీగ్, పుట్టినరోజు పార్టీలో మేనేజరు, గుడికి కారులో లిఫ్ట్ ఇచ్చేది మేనేజరుకి మేనేజరు. మా ఆవిడ ఎవరితోనైనా ఒక మాట అనాలంటే ముందు ఆ మనిషి ఏ డిపార్ట్‌మెంటో కనుక్కునేది. ఒకసారి నా ప్రాజెక్టు ఆగిపోతే, నాకంటే ముందు మా ఆవిడకి తెలిసింది, కూరగాయల దగ్గర! డాలస్ వచ్చాక మమ్మల్ని పట్టించుకునేవాళ్ళు లేరు, అదే హాయిగా ఉంది.

కరివేపాకు కుండీ:

తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. రేటింగులిచ్చే నెలలో ఇక్కడ పార్టీల్లో పాటలు కూడా మెల్లగా పాడతారు. నేను దీనికి కనిపెట్టిన మందు ఒకటే, ఆఫీసుతో సంబంధం లేని మనుషులు ఇద్దరైనా ఉండాలి. నాకు ఆ నర్సూ, ఆ మెక్సికన్ ఆవిడా. మాకు ఒకరి ఇంగ్లీషు ఒకరికి సగమే అర్థమవుతుంది, అందుకే పోట్లాట రాలేదు.

పెద్ద పిల్లల విషయంలోనూ ఒప్పుకుంటాను. మా అమ్మాయి ఇప్పుడు హైస్కూల్లో ఉంది, "ఈ ఊళ్ళో ఏముంది" అనడం మొదలెట్టింది. నిజమే, మాల్ కూడా లేదు. ఉన్న ఒక్క ఫెయిర్ ఓక్స్ మాల్‌నీ 2018లో నగరపాలకులూ ఆసుపత్రీ కలిసి కొని, ఆటల కేంద్రంగా మార్చారు. జహరాకోస్ అని 1900 నుంచి ఉన్న ఐస్‌క్రీం కొట్టుంది, లోపల గోడంత పాత ఆర్గన్ దానంతటదే వాయిస్తుంది. చిన్నప్పుడు దానికోసం ఏడ్చి గోలపెట్టిన పిల్ల, ఇప్పుడు మాతో వస్తే ఎవరైనా చూస్తారని కారులోనే కూర్చుంటోంది.

వాకడ్ టీచరమ్మ:

ఇద్దరికీ చాలా థాంక్సండీ. మొత్తం మా అత్తగారికి చదివి వినిపించాను. నమస్కారం దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నారు. ఇంకో రెండు అడగాలి. నేను అక్కడ పని చేసుకోవచ్చా? డ్రైవింగ్ ఇక్కడే నేర్చుకుని రావాలా?

కరివేపాకు కుండీ:

చేసుకోవచ్చు. నేనొచ్చినప్పుడు ఎల్2 భార్యలం (ఎల్1 వాళ్ళ మీద ఆధారపడి వచ్చేవాళ్ళం) పని అనుమతి కార్డుకి అప్లై చేసి నెలల తరబడి ఎదురుచూసేవాళ్ళం. 2021 నవంబరు నుంచి ఆ అవసరం లేదు, మీ ఐ-94లో (దేశంలోకి వచ్చినట్టు ఇచ్చే రికార్డులో) ఎల్-2ఎస్ అని ఉంటే చాలు. దిగగానే అది సరిగ్గా పడిందో లేదో చూసుకోండి. బడిలో రెగ్యులర్ టీచరుగా చేరాలంటే రాష్ట్రం లైసెన్సు కావాలి, మన డిగ్రీని ఇక్కడి లెక్కకి మదింపు చేయించాలి. ఈలోపు సబ్‌స్టిట్యూట్‌గా వెళ్ళొచ్చు, నేను అలాగే మొదలుపెట్టాను. మొదటిరోజు ఐదో తరగతి పిల్లలకి భాగహారం మన పద్ధతిలో చేసి చూపిస్తే, టీచరుకి రాసిపెట్టిన చీటీలో "ఆవిడ మ్యాజిక్ చేసింది" అని రాశారట.

డ్రైవింగ్ అక్కడే కొంచెం నేర్చుకోండి, భయం పోతుంది. రోడ్డు కుడివైపని చెయ్యి మళ్ళీ నేర్చుకుంటుంది. కుదిరితే జూన్‌లో రండి, జనవరిలో వద్దు. బడి ఆగస్టు మొదట్లోనే తెరుస్తారు, అంతలోపు ఊరు వెలుగులో చూసినట్టుంటుంది.

వాకడ్ టీచరమ్మ:

మా అత్తగారు ఒకటే అడగమంటున్నారు. ఆవకాయ తెచ్చుకోనిస్తారా?

కరివేపాకు కుండీ:

తెచ్చుకోవచ్చు, ఎయిర్‌పోర్టులో అడిగితే దాచకుండా చెప్పండి. జాడీ వద్దు, రెండు కవర్లలో సీల్ చేయించండి. మాది ఒకసారి మావారి కొత్త సూటు మీద కారింది, ఆ సూటు ఇప్పటికీ బీరువాలో ఘాటుగా వాసనేస్తుంది. కరివేపాకుకి ఈ ఏడాది రెండు పిలకలొచ్చాయి, ఒకటి మీకు అట్టిపెడతాను.