'బంధిత' ఫెర్మీ వాయువు అనవచ్చా?

నల్లకుంట_పదకోశం:
ఒక సైన్సు వ్యాసానికి ఈ శీర్షిక పెట్టారు: 'చిన్న బంధిత అతిశీతల ఫెర్మీ వాయువుల ధర్మాల గణన'. ఫెర్మీ వాయువంటే ఒకే స్థితిలో రెండు ఇమడని కణాల వాయువని తెలుసు. కానీ ఈ ఆరేడు మాటల్లో సగం నాకు మింగుడుపడటం లేదు. అన్నిటికంటే ముందు 'బంధిత'. లేజరు కాంతితోనో అయస్కాంత క్షేత్రంతోనో పరమాణువుల్ని ఒకచోట కదలనివ్వకుండా ఉంచడం కదా ఇక్కడి విషయం? దానికి ఈ మాట సరేనా?

తార్నాక_భౌతికం:
సరికాదండీ. 'కదలనివ్వకుండా' కూడా కాదు, లోపల అవి తిరుగుతూనే ఉంటాయి, బయటికి పోలేవంతే. 'బంధిత స్థితి' అన్న మాటకు భౌతికశాస్త్రంలో వేరే పని ఉంది: రెండు కణాలు వాటి మధ్య ఆకర్షణ వల్లనే ఒకదాన్నొకటి అంటిపెట్టుకోవడం. ఈ విషయంలో ఆ రెండూ, అంటే అంటిపెట్టుకోవడం, లోపల ఉండిపోవడం, పక్కపక్కనే వస్తాయి. ఎదురు స్పిన్‌లున్న (స్పిన్ అంటే కణానికి సహజంగా ఉండే, భ్రమణం లాంటి గుణం) లిథియం-6 పరమాణువులు రెండు తీసుకోండి. అయస్కాంత క్షేత్రం దాదాపు 832 గాస్ దగ్గర వాటి పరిక్షేపణ దైర్ఘ్యం (ఒకదాన్నొకటి ఎంత బలంగా ప్రభావితం చేస్తాయో చెప్పే కొలత) అనంతమవుతుంది. అక్కడ బయట వదిలేస్తే అవి జంట కట్టీ కట్టనట్టు ఉంటాయి. లోపల ఉంచితే మాత్రం చక్కటి స్థిర శక్తి ఉంటుంది. బోనులోని కంపనానికి ఒక్కో మెట్టు శక్తిని (క్వాంటం) 1 అనుకుంటే, ఆకర్షణ లేనప్పుడు రెంటికీ కలిపి 3, అనంత దైర్ఘ్యం దగ్గర సరిగ్గా 2. 1998లో బుష్ బృందం ఈ రెండు పరమాణువుల లెక్కను కచ్చితంగా తేల్చింది. ఇంతకీ వాటిని పట్టి ఉంచింది ఒకదానికొకటి కాదు, చుట్టూ ఉన్న బోను.

గచ్చిబౌలి_కోడ్:
ప్రోగ్రామ్ వైపు నుంచి నేను చెప్త. ఈ తేడా పట్టకపోతే లెక్కనే తప్పు వస్తది. తాకినప్పుడే పనిచేసే ఆకర్షణను కొన్ని శక్తి స్థాయిల వరకే తీసుకొని మాత్రిక రాస్తం గదా. ఆ ఆకర్షణ బలం ఒకే సంఖ్య అని పెట్టి, స్థాయిలు పెంచుకుంట పోతే శక్తి ఎక్కడా ఆగకుండ దిగుతనే ఉంటది. చానామంది ఇక్కడనే పడతరు. చెయ్యాల్సింది ఏందంటే, ఎన్ని స్థాయిలు తీసుకుంటే అన్నిటికి తగ్గట్టు, రెండు పరమాణువుల శక్తి సరిగ్గా 2 వచ్చేటట్టు బలాన్ని మళ్ల సర్దుకోవాలె. తర్వాతనే మూడో పరమాణువు. మూడింటికి 4.27, నాలుగింటికి 5.01 దగ్గరికి రావాలె. ఆకర్షణ లేకుంటే అవి 5.5, 8. ఒక్క హద్దుతోని (అంటే ఎన్ని స్థాయిల దాక తీసుకున్నమో దాంతోని) నమ్మొద్దు. నాలుగైదు హద్దులు తీసి, గీత గీసి అనంతం దాక పొడిగించాలె, ఎందుకంటే ఇది మెల్లగ చేరుకుంటది.

ఇంకో పరీక్ష: ఆ అనంత దైర్ఘ్యం దగ్గర మొత్తం శక్తిల సరిగ్గ సగం బోను శక్తే. సగం రాలేదంటే ఆకర్షణ తాకినప్పుడే కాక ఇంకా కొంత దూరం దాక పనిచేస్తున్నట్టు. సగం శక్తి బోనుదే అయినప్పుడు దాని పేరును 'బంధిత'ల దాచేస్తే ఎట్ల?

నల్లకుంట_పదకోశం:
ఇద్దరూ 'బోను' అనేశారు, నేనింకా అడగనే లేదు! ఉచ్చు పడితే బిగుసుకుంటుంది, కాబట్టి వద్దు. వల అంటే చిక్కుకోవడం. ఎలుకల బోనులో ఎలుక తిరుగుతూనే ఉంటుంది, బయటికి పోలేదు. అర్థం కుదిరింది. అలాగని 'బోనుబద్ధ' అంటారేమో, అది తెలుగు మాటకు సంస్కృత మాట అతికిన వైరి సమాసం. 'బోనులోని' అంటే చాలు.

తార్నాక_భౌతికం:
అర్థం కుదిరింది కానీ ఆకారం కుదరలేదు. బోనుకు నిటారు గోడలుంటాయి. ఇక్కడున్నది మూకుడు. నడిమి నుంచి దూరం రెట్టింపైతే గోడ ఎత్తు నాలుగింతలు. అందుకే స్థాయిలు 1.5, 2.5, 3.5 అని సమానంగా ఉంటాయి. ఒక్కో స్పిన్‌కు ఒక్కో స్థాయిలో 1, 3, 6, 10 చోట్లు. రెండు స్పిన్‌లూ కలిపి 2, 8, 20, 40 దగ్గర కర్పరాలు నిండుతాయి. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఎలక్ట్రాన్లకు వాడే 'కర్పరం' ఇక్కడా బాగా నప్పుతుంది. నిటారు గోడలదైతే 'పెట్టె' అనాలి. పేరుకు బోను ఉంచి, మొదటి పేరాలో మూకుడు ఆకారం చెబితే సరిపోతుందని నా ఉద్దేశం.

గచ్చిబౌలి_కోడ్:
'చిన్న' సంగతి కూడ చూడండ్రి. వాయువు చిన్నది కాదు, పరమాణువులు కొద్దివి. 'కొద్ది పరమాణువుల' అనాలె. ఆ కొద్దితనమే అసలు కిటుకు. నాలుగు స్థాయిలల్ల ఒక స్పిన్‌కు 20 చోట్లు. రెండు పైకి, రెండు కిందికి అంటే 190 × 190, అంటే 36,100 అమరికలు, ల్యాప్‌టాప్ చాలు. పదీ పదీ అంటే 1,84,756 × 1,84,756, అంటే 3,413 కోట్లు. ఇంకొక్క స్థాయి కలిపితే 35 చోట్లు, 3 పక్కన 16 సున్నాలు దాటుతది. గప్పుడు మోంటీ కార్లోకు (యాదృచ్ఛిక నమూనాలతోని అంచనా కట్టే పద్ధతికి) పోవాలె. రెండు స్పిన్‌లు సమానంగ ఉండి ఆకర్షణే ఉంటే గుర్తు చిక్కు రాదు. ఒక స్పిన్ ఎక్కువైతే ధన, రుణ పదాలు కొట్టుకపోయి, మిగిలేది తప్పుల గుట్టనే. చల్లగ చేసినకొద్ది మాత్రికల గుణకారం పొడుగవుతది, చిన్న సంఖ్యలు పెద్దవాటిల మునిగిపోతయి, అందుకే నడుమ నడుమ విడగొట్టి సర్దాలె. ఇంకోటి, కణాల సంఖ్య ఊగేటట్టు సగటు తీస్తే పరమాణువులు సరి సంఖ్యల ఉన్నయా, బేసి సంఖ్యల ఉన్నయా అన్న తేడా తుడుచుకపోతది. లక్షల పరమాణువులకు పర్వాలేదు, ఇరవైకి మాత్రం సంఖ్యను బిగించే లెక్క చెయ్యాలె.

నల్లకుంట_పదకోశం:
'అతిశీతల' మాటేమిటి? గాజును 'అతిశీతలీకృత ద్రవం' అని చదివిన వాళ్లకు గడ్డకట్టాల్సింది గడ్డకట్టనిది అనిపిస్తుంది.

తార్నాక_భౌతికం:
నిజమే. కెల్విన్‌లో పది లక్షల్లో ఒక వంతు, అంతకన్నా తక్కువ అని చెప్పాలంటే 'పరమశూన్యం' మనకు ముందే ఉంది కదా, 'పరమశీతల' అనండి. 1999లో అమెరికాలోని బౌల్డర్‌లో పొటాషియం-40తో ఇలాంటి ఫెర్మీ వాయువును మొదట సాధించింది ఆ చలిలోనే. ఇక 2011లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి మరీ లిథియం పరమాణువుల్ని నిలిపారు. పదింటిని 'వాయువు' అనడం నాకింకా ఎబ్బెట్టుగానే ఉంది.

నల్లకుంట_పదకోశం:
దాన్ని వదిలేయండి, వాడుక స్థిరపడింది. 'గణన' మాత్రం తీసేస్తున్నా, జనగణన గుర్తొస్తోంది. 'లెక్కకట్టడం' పెడతాను.

గచ్చిబౌలి_కోడ్:
పదే ఉన్నప్పుడు జనగణన అన్నా తప్పేం లేదన్నా.