ఆఫీసులో స్నేహితురాలి మీద పుకారు: ఆమెకు చెప్పాలా, వద్దా?

నీలిగోరింట:
ఒక చిన్న పట్టణంలో బ్యాంకు బ్రాంచిలో పనిచేస్తున్నాను. నాతోపాటే చేరిన స్నేహితురాలికి ఈ మధ్య రుణాల సీటు ఇచ్చారు. పంట రుణాల తనిఖీకి, డ్వాక్రా సంఘాల సమావేశాలకు మేనేజరు గారి కారులోనే వెళ్లాల్సి వస్తోంది. ఆ ఊళ్లకు బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మరి. జరిగింది ఇంతే. దానికి చిలవలు పలవలు అల్లి, ఆ సీటు ఆమెకు ‘ఎలా’ వచ్చిందో చెప్పుకుంటున్నారు. మధ్యాహ్నం క్యారియర్లు విప్పాక, ఆమె కౌంటరు దగ్గరే ఉందని తొంగిచూసి మరీ మొదలుపెడతారు. బంగారు రుణాల దగ్గర కూర్చుని నగలు తూచి విలువ కట్టే అప్రైజరు పుణ్యమా అని మాట ఖాతాదారుల దాకా పాకింది. మొన్న ఒక సంఘం లీడరు, “ఆ మేడమూ, సారూ చుట్టాలా?” అని నన్నే అడిగింది. ఆమెకు ఇదేమీ తెలియదనే అనుకుంటున్నాను. చెబితే కుమిలిపోతుంది. చెప్పకపోతే రేపు “నీకు ముందే తెలుసా?” అంటుంది. ఇలాంటిది ఎదురైనవాళ్లు ఏం చేశారు?

మాదాపూర్ మెట్లు:
చెప్పండి. ‘ఆమెకు తెలియదు’ అన్నది చాలావరకు మన భ్రమ. తను గదిలోకి రాగానే మాట మారిపోతే ఎవరికి అర్థం కాదు? మా టీములో స్నేహితురాలి విడాకుల గురించి, ఆమె లేని వాట్సాప్ గ్రూపులో పెద్ద ముచ్చటే నడిచింది. ఏమనుకుంటున్నారో రెండు ముక్కల్లో చెప్పాను. ఎవరు ఏ మాటకు నవ్వారో చెప్పలేదు. ఆమె పేర్లు అడిగింది. “వాటితో ఏదైనా చేస్తానంటే చెబుతాను, రాత్రంతా తలుచుకోవడానికైతే చెప్పను” అన్నాను. స్క్రీన్‌షాట్లు మాత్రం ఆమెకు పంపకండి, మీ దగ్గరే భద్రంగా ఉంచండి. ఫిర్యాదు దాకా వెళ్తే పనికొస్తాయి.

ఐదో పీరియడ్:
మగవాళ్ల మీద రావనుకోకండి. మా హైస్కూల్లో లెక్కల మాస్టారు నాకు ఆప్తుడు. ఆయన మధ్యాహ్నం తాగి వస్తున్నారని స్టాఫ్ రూములో గుసగుసలు మొదలయ్యాయి. ఒకరోజు పాఠం చెబుతూ తూలి బల్ల పట్టుకున్నారట. ఒళ్లంతా చెమట, మాట ముద్దగా వచ్చిందట. పిల్లలు ఇళ్లకు వెళ్లి చెప్పారు. ఇంకేముంది, గోరంత కొండంత అయింది.

అసలు సంగతి నాకు తెలుసు. ఆయన ఇన్సులిన్ వేసుకుంటారు. వేసుకున్నాక భోజనం ఆలస్యమైతే రక్తంలో చక్కెర 70 కన్నా కిందికి పడిపోతుంది. మరీ పడితే మనిషి అచ్చం తాగినవాడిలాగే కనిపిస్తాడు. కానీ కూతురికి సంబంధాలు చూస్తున్నారు, ఈ జబ్బు సంగతి ఎక్కడా అనవద్దని నా దగ్గర మాట తీసుకున్నారు. ఒక్క ముక్క బయటపెడితే వాళ్ల నోళ్లు మూతపడతాయి. ఆ ముక్క నాది కాదు.

అందుకని ఎదురు ప్రశ్న వేశాను. “మీలో ఎవరికి వాసన వచ్చింది?” అన్నాను. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. “మాకు రాలేదు, ఎవరో అన్నారు” అన్నారు. “ఆ ఎవరో వచ్చినప్పుడే మాట్లాడుకుందాం” అని కాపీల కట్ట ముందుకు లాక్కున్నాను. తరవాత మాస్టారితో విడిగా కూర్చుని, హెడ్మాస్టరుకు ఒక్కరికైనా చెప్పమన్నాను. ఈసారి మళ్లీ తూలితే, స్పృహలో ఉండగానే ఇంత గ్లూకోజు తాగించాలని, స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలని తెలిసినవాళ్లు పక్కన ఉండాలి కదా. చాలా రోజులు నానబెట్టి, చివరికి చెప్పారు. భోజనం వేళ దాటకుండా పీరియడ్లు మార్చారు. పుకారు ఆగిందా అంటే, పూర్తిగా లేదు. కొందరికి ఆయన ఇప్పటికీ తాగుబోతే. ఆయన మాత్రం మళ్లీ తూలలేదు.

పెన్షన్ పుస్తకం:
అమ్మా నీలిగోరింటా, నేను ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అని తేల్చేసేవాళ్లను జీవితమంతా చూశాను. ఆఫీసులో పొగ రావడానికి నిప్పు అక్కరలేదు, ఒక మంచి సీటు ఖాళీ అయితే చాలు. ఆ సీటు ఆశించి దక్కనివారు ఎవరో చూడండి. తరవాతి అంకం పై ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం. పేరూ ఊరూ లేని ఫిర్యాదుల మీద చర్య తీసుకోవద్దని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999లోనే చెప్పింది. మీది ప్రభుత్వ రంగ బ్యాంకయితే మీకూ అదే వర్తిస్తుంది. అయినా ఏ ఊరు వెళ్లారు, ఏ రైతు పొలం చూశారు, ఎన్నింటికి తిరిగొచ్చారు అన్నది ఏ రోజుకారోజు రాసి పెట్టుకోమనండి. నిజాయితీపరులే కాగితం దగ్గర బద్ధకిస్తారు. వీలైతే కొన్నాళ్లు ఆ కారు మానుకోమనండి.

మాదాపూర్ మెట్లు:
పెద్దవారు, కాగితం మాట బాగుంది గానీ కారు మాట మింగుడు పడడం లేదండి. మేనేజరును కారు మానుకోమని ఎవరూ అనరే! సర్దుకోవాల్సింది ఎప్పుడూ ఆమేనా?

పెన్షన్ పుస్తకం:
న్యాయం అనలేదమ్మా, జాగ్రత్త అన్నాను. మా కాలం బుద్ధి అనుకో.

కోర్టు హాలు బెంచీ:
చట్టం సంగతి కాస్త. ‘ఆమెకు పని రాదు’ అని ఆడిపోసుకుంటే అది లైంగిక వేధింపు కాదు. ‘ఆ సీటు ఎలా సంపాదించిందో’ అంటూ శీలం మీద అసభ్యంగా వ్యాఖ్యలు చేసి, ఆమె పనిచేయలేని పరిస్థితి తెస్తే 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద ఫిర్యాదు చేసే వీలుంది. 10 మంది, ఆపైన పనిచేసే సంస్థలో ఇలాంటి ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి. ఆ కమిటీని వేసిన ఉత్తర్వు అందరికీ కనిపించేలా అంటించాలి, మీ నోటీసు బోర్డు చూడండి. ఆమె స్వయంగా ఫిర్యాదు ఇవ్వలేకపోతే, సంగతి తెలిసినవారు ఆమె రాతపూర్వక అనుమతితో ఇవ్వవచ్చు. స్నేహితురాలిగా మీకు దారి ఉంది, అయితే ఆమె సంతకం లేకుండా అడుగు వేయకండి. పరువు నష్టం కేసు కూడా ఉంది, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను. కానీ ఎవరూ వినకూడదనుకున్న మాటనే కోర్టులో అందరి ముందూ మళ్లీ చదివించుకోవాలి. నేనైతే అటు తొందరపడను.

నీలిగోరింట:
నిన్న క్యాష్ ట్యాలీ అయ్యాక బస్టాండు దాకా నడుస్తూ చెప్పాను. తెలుసట! నాకు తెలియదనుకుని తనే దాస్తోందట. ఆమె మొదట అడిగింది “ఎవరన్నారు?” అని కాదు, “అప్పుడు నువ్వేమన్నావు?” అని. ఐదో పీరియడ్ గారి ప్రశ్న నేనూ వేశానని చెప్పాను. అప్రైజరు, “నేనేం చూశానమ్మా, అనుకుంటుంటే విన్నాను” అని తూకం వైపు తిరిగాడు. కారు మానుకోవడం మాట ఎత్తితే, “మానేస్తే ఒప్పుకున్నట్టే” అంది. సోమవారం నుంచి ఆ వారం తనిఖీలకు ఎవరు, ఏ ఊరు వెళ్తున్నారో బోర్డు మీద రాయమని బ్రాంచి మీటింగులో తనే అడుగుతుందట. ఫిర్యాదు గురించి ఇంకా ఆలోచిస్తోంది.

కోర్టు హాలు బెంచీ:
ఆలోచించుకోనివ్వండి. కానీ ఘటన జరిగిన 3 నెలల్లోపు రాసి ఇవ్వాలి. ఒకటి కాకుండా వరసగా జరుగుతూ ఉంటే చివరిదాని నుంచి లెక్క. సరైన కారణం చూపితే కమిటీ మరో 3 నెలల వరకు పొడిగించవచ్చు. సంఘం లీడరు మిమ్మల్ని అడిగిన తేదీ ఇప్పుడే ఎక్కడైనా రాసుకోండి.