అప్పట్లో లాసాలో మనకు ఉండినది రాయబార కార్యాలయమా, కాన్సులేటా?

ప్రశ్న: 1950ల నాటి భారత–చైనా సంబంధాల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. టిబెట్ రాజధాని లాసాలో అప్పుడున్న మన కార్యాలయాన్ని మూలంలో ఒకచోట ‘మిషన్’ అనీ, మరోచోట ‘కాన్సులేట్ జనరల్’ అనీ రాశారు. రెండింటికీ ‘రాయబార కార్యాలయం’ అని రాస్తే సరిపోతుందా? పెద్దలు చెప్పగలరు.

జవాబు: సరిపోదండి. రెండింటికీ ఒకే మాట వాడితే, 1952 సెప్టెంబరులో లాసాలో ఏం మారిందో మీ పాఠకుడికి అసలు అందదు.

రాయబారి అనగానే తెలుగువారికి కృష్ణుడు గుర్తొస్తాడు. ఒక పక్షం తరఫున మరో పక్షం సభకు వెళ్లి, ఆ సభలో నిలబడి అధిపతితో నేరుగా మాట్లాడగలిగినవాడు రాయబారి. నేటి వాడుకలోనూ ఒక రాజ్యం మరో రాజ్యాధినేత వద్దకు పంపే వ్యక్తికే ఆ మాట చెల్లుతుంది. కాన్సల్ సంగతి వేరు. అతను పరాయి దేశంలోని ఏదో ఒక నగరంలో ఉండి తన దేశపు పౌరుల, వర్తకుల మంచిచెడ్డలు చూసుకుంటాడు. అదీ ఆ దేశపు ప్రభుత్వం అనుమతి పత్రం ఇస్తేనే. ఢిల్లీలో ఉన్నది అమెరికా రాయబార కార్యాలయమనీ, హైదరాబాదులో ఉన్నది కాన్సులేట్ అనీ మన పత్రికలు తేడా పాటించే రాస్తున్నాయి. ఒక దేశం మన ప్రభుత్వాన్ని అడిగి హైదరాబాదులో కాన్సులేట్ తెరిచిందంటే, హైదరాబాదు భారతదేశంలో భాగమని ఒప్పుకున్నట్టే. లాసా విషయంలో చిక్కంతా ఇక్కడే ఉంది.

బ్రిటిష్ వారు 1904లో తమ అధికారి యంగ్‌హస్బెండ్ వెంట సైన్యాన్ని లాసా దాకా నడిపించి ఒప్పందం రాయించుకున్నాక, టిబెట్‌లో అంతకుముందే తెరిచిన యాటుంగ్‌తో పాటు గ్యాంట్సే, గార్తోక్‌లలో కూడా వాణిజ్య ఏజెంట్లను నిలిపారు. పేరుకు వాణిజ్య ఏజెంట్లే గాని, 1908 నిబంధనల ప్రకారం ఆ వర్తక కేంద్రాలలో బ్రిటిష్ ప్రజల మధ్య తగవులు తీర్చే అధికారం కూడా వారిదే. గ్యాంట్సే, యాటుంగ్‌లలో వారికి కాపలాగా సైనిక దళం ఉండేది. దారి పొడవునా ఉన్న విశ్రాంతి గృహాలు, తపాలా, టెలిగ్రాఫ్ కూడా భారత ప్రభుత్వానివే. ఆ ఇద్దరు ఏజెంట్ల మీద అజమాయిషీ గ్యాంగ్‌టక్‌లో ఉండి ఆ ప్రాంత వ్యవహారాలు చూసే సిక్కిం పొలిటికల్ ఆఫీసర్‌ది. లాసాలో మాత్రం 1936 దాకా నిలకడైన కార్యాలయం లేదు. ఆ యేడు ఆ పొలిటికల్ ఆఫీసర్ బేసిల్ గౌల్డ్ బృందం లాసాకు వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు హ్యూ రిచర్డ్‌సన్ అనే అధికారిని అక్కడ ఉంచి వచ్చింది. దెకీ లింగ్కా అనే ఇంట్లో నడిచిన ఆ కార్యాలయానికి మిషన్ అన్న పేరు స్థిరపడింది. అప్పట్లో టిబెట్ మీద ఆధిపత్యం తనదేనని చైనా చెప్పుకునేది. టిబెట్ మాత్రం తన పాలన తాను చూసుకునేది. అటువంటప్పుడు దాన్ని రాయబార కార్యాలయం అంటే ఒకరితో పేచీ, కాన్సులేట్ అంటే మరొకరితో పేచీ. ఎవరికీ దేనికీ కట్టుబడనక్కరలేని మాట మిషన్.

1947 ఆగస్టు 15న ఆ కార్యాలయం ఉన్నదున్నట్టుగా స్వతంత్ర భారతానికి దక్కింది. సిబ్బంది వారే, రిచర్డ్‌సన్ కూడా భారత ప్రతినిధిగా 1950 దాకా కొనసాగారు. 1950 అక్టోబరులో చైనా సైన్యం తూర్పు టిబెట్‌లోని చామ్‌డో మీదికి వచ్చింది, 1951 మేలో టిబెట్ చైనాలో భాగమని చెప్పే 17 అంశాల ఒప్పందం మీద టిబెట్ ప్రతినిధులచేత సంతకాలు పెట్టించుకుంది. ఆ తరువాత లాసాలోని మన మిషన్ ఏ హోదాలో ఉన్నట్టు? 1952లో చైనా ప్రధాని చౌ ఎన్ లై చైనాలోని మన రాయబారి పణిక్కర్ దగ్గర దాన్ని కాన్సులేట్ జనరల్‌గా మార్చాలని ప్రతిపాదించారు. మన ప్రభుత్వం ఒప్పుకుంది, బదులుగా బొంబాయిలో చైనా కాన్సులేట్ జనరల్‌కు అనుమతి ఇచ్చింది. అంతదాకా టిబెట్ ప్రభుత్వంతో నేరుగా వ్యవహరించిన కార్యాలయం ఆనాటి నుంచి చైనా అనుమతితో చైనాలోని ఒక నగరంలో పనిచేసే కార్యాలయమైంది. 1954 ఏప్రిల్ 29న పెకింగ్‌లో (నేటి బీజింగ్) భారత–చైనాల మధ్య కుదిరిన ఒప్పందం పేరులోనే ‘చైనాలోని టిబెట్ ప్రాంతం’ అన్న మాట ఉంది. సైనిక దళాలను 6 నెలల్లో వెనక్కి పిలిపించడం, 12 విశ్రాంతి గృహాలను, తపాలా, టెలిగ్రాఫ్, టెలిఫోన్ ఏర్పాట్లను అప్పగించడం అప్పుడే నిర్ణయమయ్యాయి. పంచశీల అని మనం బడి పుస్తకాల్లో చదువుకున్నది ఆ ఒప్పందపు పీఠికే.

సైన్యాన్ని పరాయి నేల మీద ఉంచుకునే వలస కాలపు హక్కును వదులుకోవడం న్యాయమే. అయితే సరిహద్దు ఊసు తేల్చకుండా ఇంత పెద్ద ఒప్పుకోలును ఒక కార్యాలయం పేరు మార్పుగా జరగనివ్వడం పొరపాటని నా గట్టి నమ్మకం. మీరు నాతో ఏకీభవించనక్కరలేదు. కాని ఆ మార్పు జరిగిందన్న సంగతి మాత్రం మీ తెలుగులో కనబడాలి.

మరో సభ్యుల సూచన: ‘కాన్సల్’కు ‘స్థానాపతి’ అన్న మన పాత మాటను ఎందుకు వాడకూడదు?

జవాబు: చాలా మంచి మాటను గుర్తుచేశారు, ధన్యవాదాలు. కృష్ణదేవరాయల కథ చెప్పే పాత వచన గ్రంథం రాయవాచకం రాసినవారి పేరు మనకు దక్కలేదు. మధుర నాయక ప్రభువు విశ్వనాథనాయని స్థానాపతి అన్న హోదాతోనే ఆయనను గుర్తిస్తున్నాం. ప్రభువు కొలువున్న చోట తన యజమాని తరఫున ఉండి, అక్కడి మంతనాలు, అక్కడి గాలి ఎటు వీస్తోందో గమనించి యజమానికి విన్నవించుకోవడం స్థానాపతి పని. లాసా నుంచి గ్యాంగ్‌టక్‌కు, అక్కడినుంచి ఢిల్లీకి నివేదికలు పంపుతూ వచ్చిన 1952కు ముందటి మిషన్ అధిపతికి ఈ మాట చక్కగా నప్పుతుంది. వర్తకుల కాగితాలు చూసే కాన్సల్‌కు నప్పదు. నేపాల్ వారు 1856 ఒప్పందం తరువాత లాసాలో ఉంచిన తమ ప్రతినిధిని వకీల్ అనేవారు. నైజాము నాటి దస్తావేజులు చదివినవారికి ఆ అర్థం తెలుస్తుంది గాని, నేటి తెలుగులో వకీలు అంటే కోర్టు వకీలే కనుక అది కూడా మనకు పనికిరాదు.

కాబట్టి కాన్సులేట్‌ను కాన్సులేట్ గానే ఉంచండి, మిషన్‌కు ‘ప్రతినిధి కార్యాలయం’ అని రాయండి. ‘వాణిజ్య ఏజెన్సీ’ ఎలాగూ అందరికీ అర్థమవుతుంది. పొలిటికల్ ఆఫీసర్‌ను ‘రాజకీయ అధికారి’ చేయవద్దు. చదివినవారు పార్టీ మనిషి అనుకుంటారు.

మీ వ్యాసం 1962 దాకా సాగితే ఇంకొక జాగ్రత్త అవసరం. యుద్ధం తరువాత ఆ డిసెంబరులో లాసాలోని మన కాన్సులేట్, మన దేశంలోని చైనా కాన్సులేట్లు మూతపడ్డాయి. అక్కడ ‘రాయబార కార్యాలయం మూసివేశారు’ అని రాస్తే రెండు దేశాలు దౌత్య సంబంధాలు తెంచుకున్నాయని అర్థం వస్తుంది. అది నిజం కాదు. 1976 దాకా రాయబారులు లేకపోయినా, ఢిల్లీలోనూ పెకింగ్‌లోనూ రాయబార కార్యాలయాలు తాత్కాలిక బాధ్యుల కింద నడుస్తూనే ఉన్నాయి.