యోగా మొదలుపెట్టడానికి యూట్యూబ్ సరిపోతుందా, మాస్టారు ఉండాల్సిందేనా?

సత్యనారాయణపురం 46
అందరికీ నమస్కారం. నాకు 46 ఏళ్లు. విజయవాడలోనే బట్టల షాపులో లెక్కలు రాస్తాను. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా కుర్చీలోనే. రెండేళ్లుగా నడుం పట్టేస్తోంది. షుగర్ లేదు, బీపీకి ఒక మాత్ర వాడుతున్నాను. డాక్టరు గారు "కాస్త ఒళ్లు వంచండి, యోగా అయినా మంచిదే" అన్నారు.

మా బావమరిదేమో యూట్యూబ్ పెట్టుకుని ఇంట్లోనే చేసుకో, దానికి డబ్బులు తగలెయ్యడం ఎందుకు అంటాడు. మా ఆవిడేమో ఎవరి దగ్గరా నేర్చుకోకుండా మొదలుపెడితే ఊరుకోనంటోంది. వీళ్లిద్దరి మధ్య మూడు వారాలు గడిచాయి, నేనింకా మ్యాట్ కూడా కొనలేదు. ఇంకో సంగతి, నేను మఠం వేసుకుని రెండు నిమిషాలు కూర్చోలేను. గుళ్లో ప్రసాదం తినడానికి కూడా అరుగు వెతుక్కునే రకం. నాలాంటివాడికి యోగా పనికొస్తుందా?

పటమట పిల్ల
యూట్యూబ్ చాలండీ. నేను 2020 లాక్‌డౌన్‌లో టీవీకి ఫోన్ కలిపి మొదలుపెట్టాను, ఇప్పటికీ వదల్లేదు. క్లాసంటే ఐదింటికి లేవాలి, బండి తీయాలి, బెంజి సర్కిల్ దాటాలి. రెండో వారానికే మానేస్తారు, రాసిపెట్టుకోండి. ఇంట్లో అయితే పాత నైట్ ప్యాంటుతో ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. నా నియమం ఒకటే, వీడియో పేరులో "వారంలో", "మాయం" అనే మాటలుంటే తెరవను.

బ్రాడీపేట మాస్టారు
అమ్మాయ్, నువ్వు టీవీలో ఆవిడని చూస్తున్నావు సరే, ఆవిడ నిన్ను చూస్తోందా? పతంజలి "స్థిరసుఖమాసనం" అన్నాడు. కదలకుండా ఉండాలి, హాయిగానూ ఉండాలి. ఆ రెండూ కుదిరాయో లేదో పక్కన నిలబడి చూసే మనిషి కావాలి. గుంటూరులో ముప్ఫై ఏళ్లుగా నేర్పుతున్నాను, టీవీలో చూసి తప్పుగా అలవాటు చేసుకుని వచ్చినవాళ్లకి అది మాన్పించడానికే సగం కాలం సరిపోతోంది.

పటమట పిల్ల
మాస్టారూ, పతంజలి రాసిన ఆ యోగసూత్రాల్లో ఆసనం గురించి ఉన్నవే మూడు సూత్రాలు. మనం చేసే సూర్యనమస్కారాలు అందులో ఎక్కడా లేవు. అయినా "సుఖం" ఉందో లేదో నా ఒంటికి కదా తెలిసేది, పక్కవాళ్లకెలా తెలుస్తుంది?

బ్రాడీపేట మాస్టారు
లెక్కపెట్టావంటే చదివావన్నమాట, సంతోషం. మోకాలు నొప్పెడితే నీకే తెలుస్తుంది, ఒప్పుకుంటాను. వీపు గూనిగా వంగితే మాత్రం తెలియదు. ఒక బ్యాంకు ఉద్యోగి నా దగ్గరకి వచ్చాడు. కాళ్లు చాపుకుని కూర్చుని, ముందుకి వంగి, "చూడండి మాస్టారూ, పాదాలు అందేశాయి" అన్నాడు. వీపు మీద చెయ్యి వేశాను, తాబేలు డిప్పలా ఉంది. పిరుదుల కింద దుప్పటి మడతపెట్టి, మోకాళ్లు కాస్త వంచమని, పాదాలకి కండువా తగిలించి ఆ కొసలు పట్టుకోమన్నాను. వీపు తిన్నగా వచ్చింది. చేతులు మాత్రం పాదాలకి జానెడు దూరంలోనే ఆగిపోయాయి. అతని ముఖం మాడిపోయింది, ఉన్నది కూడా పోగొట్టానని. తొడల వెనక ఎంత బిగుతుందో అతనికి తెలిసింది ఆ రోజే.

ఫిజియో, గుంటూరు
మాస్టారు చెప్పినదాని వెనక కారణం ఇది. తొడ వెనక కండరాలు బిగుసుకుంటే ముందుకి వంగినప్పుడు కటి (నడుం కింది ఎముకల గూడు) కదలదు, ఆ వంపంతా నడుం దగ్గరి డిస్కుల మీద పడుతుంది. మఠం కూడా అంతే. తుంటి కీలు తగినంత తిరగకపోతే ఆ మెలిక మోకాలు మోయాలి. మోకాలు ముడుచుకోవడానికి, చాపుకోవడానికే గాని మెలికలకి పెద్దగా పనికిరాదు. కాబట్టి నేల మీద మఠం వేసి ఓర్చుకోకండి. పీట మీదో, ఎత్తుగా మడిచిన దుప్పటి మీదో కూర్చోండి, లేదా కుర్చీలోనే మొదలుపెట్టండి. యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ అంతటాయన కుర్చీలు, బెల్టులు, చెక్కదిమ్మెలు వాడించారు, మనకి నామోషీ ఎందుకు?

మీకు బీపీ అన్నారు. కపాలభాతి, భస్త్రిక లాంటి వేగంగా ఊపిరి ఆడించే ప్రాణాయామాలు, ఊపిరి బిగపట్టడం ఇప్పుడు వద్దు. శీర్షాసనం జోలికి అసలే వెళ్లొద్దు. చదివేవాళ్లలో గ్లకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే తల కిందికి పెట్టే ఆసనాలన్నీ మానేయండి, కంటి లోపల ఒత్తిడి పెరుగుతుంది. నడుం నొప్పి కాల్లోకి జారుతున్నా, పాదంలో తిమ్మిరి ఉన్నా యూట్యూబూ వద్దు, మాస్టారూ వద్దు, ముందు ఎముకల డాక్టరు.

గవర్నమెంటు ఉద్యోగి, విజయవాడ
మాస్టారు అంటే ఏ మాస్టారు? అది తేల్చండి ముందు. నేను చేరిన క్లాసులో అరవై మంది, ముందు స్టేజీ, ఒక మైకు. "శ్వాస తీసుకోండి, వదలండి" అనడమే. నాలుగు నెలల్లో ఆయన నా వరసకి ఒక్కసారి వచ్చారు, అదీ ఫ్యాన్ స్విచ్ కోసం. దానికన్నా యూట్యూబే నయం, వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. 2025లో యోగాంధ్ర అని మే 21 నుంచి నెలరోజులు మా ఆఫీసులోనూ అందరితో చేయించారు. జూన్ 21న విశాఖలో మూడు లక్షల మందితో పెద్ద కార్యక్రమం జరిగింది, టీవీలో చూసి మేమూ పొంగిపోయాం. ఆ తర్వాత మా ఆఫీసులో మ్యాట్ పరిచినవాడు లేడు.

గుణదల
మధ్యలో ఒక చిన్న ప్రశ్న. మేము క్రిస్టియన్స్‌మి. క్లాసులో ఓం అనాల్సిందేనా? అడగడానికి మొహమాటంగా ఉంది.

బ్రాడీపేట మాస్టారు
అనకపోతే కొంపేమీ మునగదమ్మా. పెదవులు మూసుకుని "మ్" అని గొంతులో తుమ్మెదలా రొద చేస్తూ నెమ్మదిగా ఊపిరి వదులు. భ్రామరి అంటారు. నా దగ్గర ముస్లింలూ నేర్చుకున్నారు, ఎవరినీ బలవంతపెట్టలేదు.

మొగల్రాజపురం
మీరంతా పెద్ద విషయాలు మాట్లాడుతున్నారు, నేను చిన్నవి చెబుతాను. నున్నటి గ్రానైట్ మీద చాప వేసుకుని చేయకండి, జారుతుంది. నేను పడ్డాను. రబ్బరు మ్యాట్ కొనుక్కోండి. భోజనం చేశాక మూడు నాలుగు గంటల దాకా వద్దు. పొద్దున కాఫీ తాగకుండా లేవలేనంటే సగం గ్లాసు తాగండి, ఇడ్లీ మాత్రం తర్వాతే. మే నెలలో మన ఊరి సంగతి తెలిసిందే, ఆరున్నరకే చెమటతో అరచేతులు మ్యాట్ మీద నిలవవు. ఐదుంపావుకల్లా మొదలుపెట్టాలి, లేదంటే సాయంత్రమే.

పటమట పిల్ల
మాస్టారి మాటకి మండి ఇవాళ ఫోన్ పక్కనుంచి పెట్టి నన్ను నేనే వీడియో తీసుకున్నాను. భుజంగాసనంలో (బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తేది) భుజాలు చెవుల దాకా లేచిపోయి ఉన్నాయి. ఇన్నేళ్లూ ఇలాగే చేశానన్నమాట, మెడ నొప్పి కంప్యూటర్ వల్ల అనుకున్నాను. సరే, ఒక మెట్టు దిగాను. కానీ కనిపెట్టింది ఫోనే గాని మాస్టారు కాదు, గమనించగలరు.

ఫిజియో, గుంటూరు
మంచి పని చేశారు. కానీ అక్కడ తప్పుందని ఎలా తెలిసింది? ఎలా ఉండాలో మీకు ముందే తెలుసు కాబట్టి. కొత్తవాళ్లకి అదే తెలియదు. నా ఓటు ఇలా: మొదటి నెల పది మంది లోపు ఉన్న క్లాసు, లేదా విడిగా నాలుగైదు సార్లు చెప్పించుకోవడం. మాస్టారు మీ ఒంటి గురించి అడగకుండానే ఆసనాలు మొదలుపెట్టారంటే మర్నాడు వెళ్లకండి. ఆ తర్వాత ఇంట్లో యూట్యూబ్ పెట్టుకున్నా బెంగలేదు.

బ్రాడీపేట మాస్టారు
నెల చాలదు. కనీసం ఒక మండలం, నలభై రోజులు.

పటమట పిల్ల
పది రోజుల కోసం మళ్లీ గొడవా మాస్టారూ.

సత్యనారాయణపురం 46
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఒక అపార్ట్‌మెంటు డాబా మీద ఎనిమిది మంది ఉన్న క్లాసులో చేరాను. మొదటిరోజు బీపీ మాత్ర పేరు కూడా అడిగి రాసుకున్నారు. తర్వాత నన్ను ఊరికే నిలబెట్టారు, తాడాసనమట. నిలబడటమే కదా, దీనికి ఫీజా అనుకున్నాను. ఆయన నా చుట్టూ ఒకసారి తిరిగి, మెట్ల దగ్గర విప్పిన నా చెప్పులు తెచ్చి తిరగేసి చూపించారు. కుడి చెప్పు మడమ దగ్గర ఒక పక్కకి అరిగిపోయి ఉంది, ఎడమది కొత్తదానిలా ఉంది. "బరువంతా కుడికాలి మీదే వేస్తున్నారండీ, షాపులో కుర్చీలో కూడా అటే వాలుతుంటారేమో చూసుకోండి" అన్నారు. చూసుకున్నాను. నిజమే, కంప్యూటర్ కుడివైపు ఉంది.

నడుం పూర్తిగా తగ్గలేదు, పొద్దున లేచేటప్పుడు మాత్రం మంచం కోడు పట్టుకోవడం లేదు. మఠం ఇంకా రాలేదు, పీట మీద కూర్చుంటున్నాను. నిన్న బావమరిది ఇంటికొస్తే గుమ్మంలో అతని చెప్పులు కూడా తిరగేసి చూశాను. ఎడమది అరిగింది. ఇంకా చెప్పలేదు.