కానక్ చేజ్‌లో మెసీన్ నమూనా: మళ్లీ మట్టి కప్పడం సరైనదేనా?

నడకదారి:
నిన్న పిల్లల్ని తీసుకుని ఇంగ్లాండ్ స్టాఫర్డ్‌షైర్‌లోని కానక్ చేజ్‌కి వెళ్లాం. మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడ బ్రాక్టన్, రూజ్‌లీ అని రెండు పెద్ద శిక్షణ శిబిరాలు ఉండేవి. బెల్జియంలోని మెసీన్ అనే ఊరిని న్యూజిలాండ్ సైనికులు 1917 జూన్ 7న జర్మన్ల నుంచి గెలిచారు. 1918లో ఆ ఊరినే చిన్న సైజులో ఇక్కడ నేలమీద కట్టించారు. కట్టిన చేతులు జర్మన్ యుద్ధఖైదీలవి. రోడ్లు, రైలు పట్టాలు, కందకాలు, నేల ఎత్తుపల్లాలు అన్నీ అందులో ఉన్నాయి. 2013లో తవ్వి తీశారు, లేజర్ స్కాన్ చేశారు, జనానికి చూపించారు, మళ్లీ మట్టి కప్పేశారు. ఇప్పుడు పొదలు తప్ప ఏమీ కనబడవు. మావాడు "ఏదీ నాన్నా ఊరు?" అంటే కాళ్ల కింద చూపించాను. నాకైతే చాలా బాధేసింది. పైన షెడ్డు వేసి ఉంచాల్సింది. మీరేమంటారు?

గట్టుమీద:
కప్పడమే మంచిదండి. నేను సివిల్ ఇంజినీర్ని. అది పల్చటి కాంక్రీటు, ఇటుక, గులకరాళ్లతో చేసిన పని. పగులులోకి నీరు దిగుతుంది, రాత్రి గడ్డకట్టి ఉబ్బుతుంది, పెచ్చు లేస్తుంది. నాలుగు చలికాలాలు చాలు, కందకం అంచులు అరిగిపోతాయి. షెడ్డు వాన ఆపుతుంది కానీ మంచును, కింద నుంచి వచ్చే చెమ్మను ఆపదు. ఇన్నేళ్లు దాన్ని కాపాడింది ఆ మట్టే.

పాత మ్యాపులు:
గట్టుమీద గారూ, ఆ లెక్కన ఏదీ ఎవరూ చూడకూడదు. స్కాన్ ఉంది కదా అంటారు. స్కాన్‌లో ఎత్తుపల్లాలు తెలుస్తాయి. కానీ కుర్ర సైనికులు దీని చుట్టూ నిలబడి, నేల వాలు ఎటుందో, ఏ కందకం ఎటు తిరుగుతుందో కళ్లతో కొలుచుకుని నేర్చుకున్నారు. ఆ దూరం, ఆ వాలు స్క్రీన్ మీద ఎలా తెలుస్తాయి?

తూర్పువాకిలి:
అసలు యుద్ధం జరిగిన చోటు కాదు కదా, ఇంత పట్టుదల ఎందుకు? ఫ్రాన్స్, బెల్జియంలో నిజమైన కందకాలే ఉన్నాయి.

పాత మ్యాపులు:
శిక్షణ చోట్లలోనే మనుషులు దగ్గరగా కనిపిస్తారండి. ఇంగ్లాండ్‌లోనే సాలిస్‌బరీ మైదానంలో లార్క్‌హిల్ దగ్గర సైనిక కుటుంబాల ఇళ్ల కోసం తవ్వితే ప్రాక్టీసు కందకాలు, సొరంగాలు బయటపడ్డాయి. సుద్దరాయి మీద సైనికులు చెక్కుకున్న పేర్లున్నాయి. అందులో ఆస్ట్రేలియా సైన్యంలోని లారెన్స్ కార్తేజ్ వెదర్స్ పేరు ఒకటి. తర్వాత 1918 సెప్టెంబరు 2న ఫ్రాన్స్‌లోని పెరోన్ దగ్గర చూపిన తెగువకు అతనికి విక్టోరియా క్రాస్ అనే అత్యున్నత శౌర్య పతకం వచ్చింది. అదే నెల చివర చనిపోయాడు. యుద్ధానికి పోకముందు తీరిగ్గా కూర్చుని గీసుకున్న పేరు అది. ఫ్రాన్స్ కందకంలో దొరకదు.

తూర్పువాకిలి:
ఇది నాకు తెలియదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

గట్టుమీద:
కానక్ చేజ్‌లో చావులూ ఉన్నాయి. దగ్గర్లోని సైనిక శ్మశానంలో న్యూజిలాండ్ వాళ్లు, జర్మన్లు ఒకే ఆవరణలో ఉన్నారు. న్యూజిలాండ్ వాళ్లలో ఎక్కువమందిని తీసుకుపోయింది ఫ్లూ, తూటా కాదు. నేను అక్కడ నిలబడి చూశాను, అందుకే ఆ నమూనా పాడవకూడదని ఇంత గట్టిగా అంటున్నా.

నడకదారి:
సరే, షెడ్డు మాట వదిలేస్తా. కనీసం సరిగ్గా ఆ చోట, కింద ఏముందో చూపే పెద్ద బోర్డు పెట్టొచ్చు కదా?

గట్టుమీద:
సరిగ్గా ఆ చోట వద్దండి. మెటల్ డిటెక్టర్ పట్టుకుని రాత్రిపూట వచ్చేవాళ్లకి అదే దారి చూపిస్తుంది. పైగా ఆ పొదల నేలకీ రక్షణ ఉంది, జనం తొక్కితే అదీ పోతుంది.

పాత మ్యాపులు:
నేను ఒప్పుకోను. బోర్డు లేని చోటును పదేళ్లకి ఎవరూ గుర్తుపెట్టుకోరు. అప్పుడు ఎవరో రోడ్డు వేస్తారు.

నడకదారి:
మార్క్విస్ డ్రైవ్ విజిటర్ సెంటర్ దగ్గర ఆ కాలపు బ్యారక్ గుడిసె, అంటే సైనికులు ఉండే గుడిసె, ఒకటి నిలబెట్టారు. దాని పక్కనే స్కాన్ కొలతలతో, అదే సైజులో మెసీన్‌ని మళ్లీ కడితే? అసలుది మట్టిలో భద్రంగా ఉంటుంది, పిల్లలు దీని చుట్టూ నిలబడి చూస్తారు.

గట్టుమీద:
దీనికి నేను సరే. కాంక్రీటు పాళ్లు నేను చెప్తా.

పాత మ్యాపులు:
నాకు ఇంకా బోర్డు కావాలి.