హెడ్‌ఫోన్‌లో అత్త గొంతు ఉంది, ఆటోలో లేదు

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
అందరికీ నమస్కారం. మా మేనత్త ఊడుపు పాటలు బాగా పాడుతుంది, ఆవిడ తర్వాత మా ఇంట్లో ఆ పాటలు వచ్చినవాళ్లు లేరు, అందుకని నాలుగు రికార్డు చేశాను. వెనకాల ఒక పెద్దాయన జముకు (తీగ లాగి వాయించే డోలులాంటి వాయిద్యం) వాయించాడు. రీపర్‌లో (పాటలు కలిపే సాఫ్ట్‌వేర్) కూర్చుని మూడు వారాలు మిక్స్ చేశాను. హెడ్‌ఫోన్‌లో గొంతు అద్దంలా ఉంది. మొన్న మా తమ్ముడి ఆటోలో బ్లూటూత్ డబ్బా (ఒక్కటే స్పీకరు) పెట్టుకుని డే అండ్ నైట్ జంక్షన్ నుంచి అరసవల్లి దాకా వింటూ వెళ్లాం. జముకు దబదబా వినిపిస్తోంది, అత్త గొంతు మాత్రం నూతిలోంచి వచ్చినట్టుంది, రెండో చరణంలో అయితే పూర్తిగా మాయం. అత్త వెనక సీట్లోనే ఉంది. "పాడింది నానేటి, జముకోడేటి?" అంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
గది 10 బై 12, స్లాబు, ఖాళీ గోడలు. మైకు 4 వేల కండెన్సర్. సన్నగా గుయ్‌మని హమ్ కూడా ఉంది. ఇంకో 15 వేలు పెట్టగలను. స్పీకర్లు కొనాలా, మైకు మార్చాలా, గదికి ఏమైనా చెయ్యాలా? ఇంకోటి, వాట్సాప్‌లో పెడితే 40 మంది సూపర్ అన్నా అన్నారు, గొంతు వినపడట్లేదని ఒక్కడూ అనలేదు. ఫీడ్‌బ్యాక్ అనేది ఎక్కడ దొరుకుతుంది?

గుడ్లట్ట (నరసన్నపేట)
గదే తమ్ముడూ, నూటికి నూరు గదే. నేను కోడిగుడ్ల హోల్‌సేల్ షాపులో 180 అట్టలు అడిగి తెచ్చి ఫెవికాల్‌తో నాలుగు గోడలకీ అంటించాను. ఖర్చు 600 రూపాయలు లోపే. ముందు చప్పట్లు కొడితే గణగణమని తిరిగొచ్చేది, ఇప్పుడు చచ్చిన చప్పుడు. పక్కింటివాళ్లు కూడా ఏంటా మోత అని అడగడం మానేశారు. 15 వేలు దాచుకో.

పలాస జీడిపిక్క
గొంతు మీద వైడెనర్ (రెండు పక్కలకీ పరిచేది) లాంటిదేమైనా పెట్టావా? మాస్టర్ ట్రాక్ మీద మోనో బటన్ (ఎడమా కుడీ కలిపి వినిపించేది) ఉంటుంది, నొక్కి విను.

ఫిజిక్స్ మాస్టారు (చీపురుపల్లి)
మళ్లీ గుడ్లట్టలా! ఈ మాట ఈ ఏడాదిలో నాలుగోసారి చదువుతున్నాను. బాబూ, శబ్దం బయటకి పోకుండా ఆపేది బరువు. ఇటుక గోడ ఆపుతుంది, అట్ట ఆపదు. మీ పక్కింటివాళ్లు అడగడం మానేశారంటే అలవాటు పడిపోయి ఉంటారు. ఇక గది లోపల మోత సంగతి. 100 హెర్ట్జ్ అల పొడవు 3 మీటర్ల 40 సెంటీమీటర్లు, మీ అట్ట బొడిపె ఎత్తు 5 సెంటీమీటర్లు. ఏనుగుకి దోమతెర కట్టినట్టుంటుంది. చప్పట్ల మోత, అంటే పైస్థాయి శబ్దం కాస్త తగ్గుతుంది, నిజమే. కింద బురదంతా అలాగే ఉంటుంది. అడిగినాయన గదిలో 12 అడుగుల గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల గోడల మధ్య 56 దగ్గర గది తనంతట తనే మోగుతుంది. జముకు దబదబ కొంత అక్కడిదే అయి ఉండొచ్చు.
చెయ్యాల్సింది: ఇంట్లో పాత చీరలతో కుట్టిన బొంతలు ఉంటాయి కదా, రెండు మడతలు వేసి పాడేమనిషి వెనక కట్టండి. మైకు వెనక కాదు, మనిషి వెనక. ఆ మైకు వినేది ముందువైపే కనక. మూలల్లో పరుపులు నిలబెట్టండి.

గుడ్లట్ట (నరసన్నపేట)
మీరు లెక్కలు చెప్పండి మాస్టారూ, నేను పాటలు చేస్తాను. ఆ గదిలో చేసిన జానపదానికి 2 లక్షల వ్యూస్ ఉన్నాయి. మీ బొంత గదిలో చేసింది ఒక్కటి వినిపించండి.

ఫిజిక్స్ మాస్టారు (చీపురుపల్లి)
వ్యూస్‌కీ గోడకీ ఏమిటి సంబంధం? బల్లులు ఎన్నున్నాయో కూడా చెప్పండి ఆ అట్టల వెనక.

గుడ్లట్ట (నరసన్నపేట)
బల్లుల దాకా వచ్చారంటే లెక్కలు అయిపోయినట్టే.

రాజాం రాగమాలిక
అన్నా, మైకుని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ మీద 48వి అని బటన్ ఉంది, అది నొక్కితే మైకు పట్టుకున్నవాళ్లకి షాక్ కొడుతుందా? మా చెల్లి భయపడుతోంది.

డీజే బొక్కసం (విజయనగరం)
22 సంవత్సరాల నుంచి ఈ ఫీల్డులో ఉన్నాను, మైకు సెట్ నుంచి లైన్ ఎరే దాకా. సిరిమాను రోజున మూడు లాంతర్ల దగ్గర ఆ జనంలో బాక్సులు పెట్టి గొంతు వినిపించినవాడిని. ఈ బొంతలూ అట్టలూ పిల్లల ఆటలు. నాకు ఎనలైజర్ అక్కర్లేదు, బాక్సు ముందు నిలబడి గుండె మీద చెయ్యి వేసుకుంటే 60 హెర్ట్జ్ ఎంతుందో చెప్పేస్తాను. తమ్ముడి సమస్య లౌడ్‌నెస్. గొంతుకి కంప్రెసర్ (హెచ్చుతగ్గులు తగ్గించేది) గట్టిగా, మాస్టర్ మీద లిమిటర్ (మోతకి హద్దు పెట్టేది) పెట్టి -6 దాకా నెట్టెయ్. ఆటోలో కాదు, లారీలో కూడా వినిపిస్తుంది.

గంటస్తంభం గిటార్ (విజయనగరం)
బొక్కసం గారూ, -6 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (పాట మొత్తం మోతని కొలిచే లెక్క అది) నెడితే యూట్యూబ్ దాన్ని -14 దగ్గరకి దించేస్తుంది. నమ్మకపోతే కంప్యూటర్‌లో మీ వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నర్డ్స్ నొక్కండి, కంటెంట్ లౌడ్‌నెస్ అని ఒక లైను ఉంటుంది. 8 డీబీ ఎక్కువ అని చూపిస్తే ఆ 8 అక్కడ కోసేస్తున్నారని అర్థం. మీ దగ్గర మిగిలేది నలిగిపోయిన పాట. నేనూ అదే తప్పు చేశాను, రెండేళ్లు. మరీ మెల్లగా ఉన్నదాన్ని మాత్రం వాళ్లు పైకి లేపరు, కాబట్టి -14 కన్నా కిందకి కూడా పోకండి.

డీజే బొక్కసం (విజయనగరం)
యూట్యూబ్ దించుతుంది, పెళ్లి ఊరేగింపులో ఎవడు దించుతాడు? నాకు కస్టమర్ పెళ్లివాడు.

గంటస్తంభం గిటార్ (విజయనగరం)
అడిగింది ఊడుపు పాట గురించి అండీ. ఊరేగింపు గురించి కాదు.

డీజే బొక్కసం (విజయనగరం)
నువ్వు పుట్టకముందు నుంచి వైరు చుడుతున్నాను. గౌరవం నేర్చుకో ముందు.

బొబ్బిలి పనస
మగవాళ్లందరూ కొట్టుకోవడం అయ్యాక ఒక మాట. ఫీడ్‌బ్యాక్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నేను వీణ రికార్డు చేస్తాను, ఇంట్లోనే, ఫ్యాను ఆపేసి, మే నెలలో చెమటతో మెట్ల మీద వేళ్లు జారిపోతుంటే. మొదటి రికార్డింగు మూడు గ్రూపుల్లో పెట్టాను. ఒకరు దండం బొమ్మ, ఒకరు నిప్పు బొమ్మ, ఒకరు "ఏ ప్లగిన్ వాడారు మేడమ్". మా గురువుగారికి 74 ఏళ్లు, పాత ఫోను, దాని స్పీకరు మీదే విన్నారు. "మంద్రం తీగ కాస్త దిగిందమ్మా, మీటు చప్పుడు నాదం కన్నా ముందుకొస్తోంది" అన్నారు. నిజమే, మైకుని వేళ్ల దగ్గర పెట్టేశాను. అడుగున్నర దూరం జరిపి కాయ వైపు తిప్పాను, గోటి చప్పుడు వెనక్కి పోయింది. రెండు ముక్కల్లో తేలిపోయింది. కాబట్టి "ఎలా ఉంది" అని అడగకండి, "రెండో చరణంలో మాట అర్థమైందా, ఏమని అంది" అని అడగండి. మాట తిరిగి చెప్పలేకపోతే గొంతు లేనట్టే.
అన్నట్టు మేనత్త గొంతుకి పిచ్ కరెక్షన్ (శ్రుతి దిద్దేది) ఏమైనా పెట్టారా? పెడితే తీసెయ్యండి. వేగం ఎక్కువ పెడితే గమకాన్ని తప్పు అనుకుని సాపు చేసేస్తుంది. ఊడుపు పాటలో ఆ జారుడు లేకపోతే ఇంకేముంది.

గుడ్లట్ట (నరసన్నపేట)
అక్కా, మీ గదికి ఏం వేశారు?

బొబ్బిలి పనస
బీరువా, మంచం, బట్టల కుప్ప. అట్టలు లేవు.

ఫిజిక్స్ మాస్టారు (చీపురుపల్లి)
చూశారా! బట్టల కుప్ప!

కోట జంక్షన్ కోరస్ (విజయనగరం)
ఎంతైనా సంగీతం అంటే మా ఊరే లెండి. 1919లోనే సంగీత కళాశాల పెట్టిన ఊరు, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పిన చోటు, ఘంటసాల చదువుకున్న చోటు. శ్రీకాకుళం వాళ్లు మాకు మిక్సింగ్ చెప్పడమా.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
ఎవరూ చెప్పలేదండీ, నేనే అడుగుతున్నాను. నారాయణదాసు గారికి ఆటోలో బ్లూటూత్ డబ్బా కష్టం లేదు కదా.

ఉద్దానం కొబ్బరి
హమ్ అన్నారు కదా, నాకు ఒకటి గుర్తొచ్చింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీదే తీరం దాటింది. తోటలన్నీ పడుకుండిపోయాయి. తర్వాత చాలా రోజులు కరెంటు లేదు. అప్పటికి మా నానమ్మ ఉంది. ఒక రాత్రి ఏమీ తోచక ఆవిడ పాడుతుంటే ఫోనులో రికార్డు చేశాను, బ్యాటరీ 11 శాతం ఉంది, మూడో పాట మధ్యలో ఆగిపోయింది. తర్వాత ఇంటర్‌ఫేస్ కొన్నాను, మైకు కొన్నాను, అంత నిశ్శబ్దం మళ్లీ దొరకలేదు. ఫ్యాను లేదు, ఫ్రిజ్ లేదు, బోరు మోటారు లేదు, ఊరు మొత్తంలో ఒక్క వైరులో కరెంటు లేదు. ఆ ఫైలులో నానమ్మ, కప్పలు, అంతే. హమ్ అంటే మన కరెంటు 50 హెర్ట్జ్ పాటే, అది 100, 150 దగ్గర కూడా పలుకుతుంది. కింద కోసేస్తే పోదు, ఒక్కొక్క మెట్టు దగ్గర సన్నగా చెక్కాలి. అంతకన్నా ముందు ల్యాప్‌టాప్ చార్జరు పీకి చూడండి.

డీజే బొక్కసం (విజయనగరం)
ఎర్త్ సరిగ్గా లేదు. ఎర్త్ గుంతలో బిందెడు నీళ్లు పొయ్యి. వేసవిలో మా ఫంక్షన్లలో మొదటి పని అదే. దీనికి కూడా లెక్కలు చెబుతారా మాస్టారు?

ఫిజిక్స్ మాస్టారు (చీపురుపల్లి)
దీనికి చెప్పను, ఇది కరెక్టే.

పలాస జీడిపిక్క
మోనో బటన్ నొక్కారా ఎవరైనా? మూడో పోస్టు నాది. ఇంతమంది ఇంత రాశారు, ఆ ఒక్క లైను చదవలేదు.

రాజాం రాగమాలిక
48వి సంగతి కూడా...

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
సారీ జీడిపిక్క అన్నా, అట్టల గొడవలో మీ పోస్టు దాటిపోయాను. ఇప్పుడే నొక్కాను. హెడ్‌ఫోన్‌లోనే అత్త రెండో చరణంలో టక్కున మాయమైపోయింది! వెన్ను జలదరించింది. వెనక్కి వెళ్లి చూస్తే, గొంతు పెద్దగా పరుచుకోవాలని ఏదో వీడియో చూసి, ట్రాక్‌ని కాపీ చేసి ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ పెట్టి, రెండోదాన్ని 12 మిల్లీసెకన్లు వెనక్కి జరిపాను. రెండో చరణంలో అది చాలదనిపించి, జరపడం మానేసి ఫేజ్ బటన్ (శబ్దం అలని తలకిందులు చేసేది) తిప్పాను. రెండు చెవుల్లో ఎంత బాగుందో.

పలాస జీడిపిక్క
ఒకే స్పీకరులో ఎడమా కుడీ కలిసిపోతాయి. అచ్చంగా ఒకే గొంతు, ఒకటి తిప్పేశావు కాబట్టి ప్లస్‌కి మైనస్ కొట్టుకుని సున్నా. మిగతా చరణాల్లో 12 మిల్లీసెకన్ల తేడా వల్ల గొంతులో దువ్వెన పళ్లలాగా సందులు పడ్డాయి, నువ్వు నూతిలోంచి అన్నది అదే. జముకు మధ్యలో ఉంది కాబట్టి దానికేం కాలేదు. మా ఊళ్లో గుడి మైకు కూడా మోనోయే, అక్కడే నేర్చుకున్నాను ఈ పాఠం, నా పాట వేస్తే ఒట్టి డోలు వినిపించింది పండగపూట. గొంతు ఒక్కటే ట్రాక్, నట్టనడుమ. వెడల్పు కావాలంటే అత్తతో ఇంకోసారి పాడించు, కాపీ వద్దు. 15 వేలు జేబులో ఉంచుకో.

గుడ్లట్ట (నరసన్నపేట)
నేను చెప్పిందీ అదే కదా, 15 వేలు దాచుకోమని.

డీజే బొక్కసం (విజయనగరం)
ఫేజ్ అని నేను మొదట్లోనే అనుకున్నాను. టైపు చెయ్యలేదంతే.

గంటస్తంభం గిటార్ (విజయనగరం)
గుండె మీద చెయ్యి వేసుకుని అనుకున్నారా?

డీజే బొక్కసం (విజయనగరం)
బాబూ, నీ నంబరు ఇన్‌బాక్స్‌లో పెట్టు.

బొబ్బిలి పనస
రాజాం చెల్లీ, 48 వోల్టులు మైకు లోపలికి వెళ్తాయి, వైరు బాగుంటే పట్టుకున్న చేతికి ఏమీ కాదు. కండెన్సర్‌కి అది లేకపోతే పలకదు. వైరు పెట్టాక నొక్కు, పీకేముందు ఆపు, లేకపోతే హెడ్‌ఫోన్‌లో ఠప్పుమంటుంది.

రాజాం రాగమాలిక
థాంక్స్ అక్కా. నేను అబ్బాయిని.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
రెండు రోజుల తర్వాత అప్‌డేట్. కాపీ ట్రాకులు తీసేశాను. పాడేచోట వెనక రెండు బొంతలు కట్టి రెండో చరణం మళ్లీ పాడించాను, చార్జరు పీకితే హమ్ చాలా వరకు పోయింది, మిగిలింది పంపు మోటారుది, అది ఆగాక రికార్డు చేశాం. వాల్యూం తగ్గించి, వంటింట్లోంచి వినపడేంత మెల్లగా పెట్టుకుని గొంతు సరిచేశాను. నిన్న అదే ఆటో, అదే డబ్బా. ఏడు రోడ్ల దగ్గర అత్త తనతో తనే కలిసి పాడేసింది, పక్క సీటు మనిషి కూడా ఊగాడు.
కాకపోతే సాయంత్రం జముకు పెద్దాయన ఇంటికొచ్చి విన్నాడు. పూర్తిగా విని, చుట్ట ఆర్పి, "నా జముకు ఏటైపోనాది బాబూ?" అన్నాడు. ఇప్పుడు జముకుని 2 డీబీ లేపితే సరిపోతుందా, లేక తీగ లాగినప్పుడు వచ్చే ఆ వంపు దగ్గర మాత్రం ఆటోమేషన్ (అక్కడికి రాగానే వాల్యూం దానంతటదే మారే గీత) గియ్యాలా?

గుడ్లట్ట (నరసన్నపేట)
ముందు ఆయన కూర్చున్న గోడకి ఏముందో చెప్పు.