జర్మనీ సభ్యులందరికీ ఫిల్టర్ పెట్టేయడమేనా? ఫోటో సైట్లు నడిపేవాళ్లు చెప్పండి

కృష్ణాతీరం:

మా ఫోటోగ్రఫీ క్లబ్బుకి సొంత సైటు ఉంది. పీహెచ్‌పీలో రాసింది, ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్ మీద నడుస్తుంది, దాని ముందు క్లౌడ్‌ఫ్లేర్ (ఫైళ్ల కాపీలు దాచుకుని సందర్శకులకి అందించే సేవ) ఉంది. సభ్యులు ఎక్కువగా విజయవాడ, హైదరాబాద్ వాళ్లే గానీ జర్మనీ, దుబాయ్, సింగపూర్‌లో స్థిరపడ్డవాళ్లూ ఉన్నారు.

జర్మనీ నుంచి మూడు ఫోటోల మీద ఫిర్యాదులు వచ్చాయి. ఒకటి గృహప్రవేశం ఫోటో, గడప మీద పసుపుతో వేసిన స్వస్తిక్ కనిపిస్తుంది. రెండోది రామప్ప గుడి మదనిక శిల్పం, నగ్నంగా ఉందని. మూడోది బెర్లిన్ బస్టాపులో కూర్చున్న ఒక పెద్దావిడ క్లోజప్. ఆవిడ కుటుంబంవాళ్లే రాశారు, అడక్కుండా తీశారని.

కమిటీలో ఒక ప్రతిపాదన నడుస్తోంది: జర్మనీ అని రిజిస్టర్ చేసుకున్న ఖాతాలన్నిటికీ 'సేఫ్' ఫోటోలు మాత్రమే చూపిస్తే ఏ తలనొప్పీ ఉండదని. నాకెందుకో ఇది సరిగ్గా అనిపించడం లేదు. టెక్నికల్‌గా, చట్టపరంగా ఎలా చేయాలో తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

పాతఫిలిం:

మీ కమిటీ చేద్దామంటున్న పనే 2007 జూన్‌లో ఫ్లికర్ అనే ఫోటో సైటు చేసింది. ఏమైందో చెప్తాను, తర్వాత నిర్ణయించుకోండి.

ఫ్లికర్ అప్పటికి యాహూ చేతిలో ఉంది. 2005లో కొన్నారు, 2007 మార్చికల్లా పాత లాగిన్లు ఆపేసి అందరినీ యాహూ ఐడీకి మార్చారు. జూన్‌లో జర్మన్, ఫ్రెంచ్, కొరియన్ వగైరా ఏడు కొత్త భాషల్లో సైటు తెచ్చారు. ఆ వెనకే ఇంకో మార్పు వచ్చింది. జర్మనీ, సింగపూర్, హాంకాంగ్, కొరియా యాహూ ఐడీలు ఉన్నవాళ్లకి సేఫ్‌సెర్చ్ (సేఫ్ ఫోటోలే చూపించే ఫిల్టర్) ఆఫ్ చేసుకునే వీలు లేకుండా పోయింది. ఫ్లికర్‌లో ప్రతి ఫోటోకీ సేఫ్, మోడరేట్, రెస్ట్రిక్టెడ్ అని మూడు స్థాయిలు ఉంటాయి, పెట్టినవాళ్లే గుర్తించాలి. ఆ నాలుగు దేశాల ఐడీలకి మొదటి స్థాయి తప్ప మరేదీ కనబడదు.

జర్మన్ సభ్యులు భగ్గుమన్నారు. నిరసన బొమ్మలు పెట్టారు, ఫోరం నిండిపోయింది. వయసు నిర్ధారణ విషయంలో జర్మనీ చట్టం చాలా కఠినమైనదని కంపెనీ చెప్పుకుంది. చట్టం కఠినమైన మాట నిజమే. 2003 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న యువజన మీడియా రక్షణ ఒప్పందం ప్రకారం అశ్లీల దృశ్యాలు వయసు నిర్ధారించిన పెద్దవాళ్ల మూసిన గుంపుకే చూపించాలి. గుర్తింపు కార్డు నంబరు టైప్ చేయించుకుంటే చాలదని అక్కడి ఫెడరల్ కోర్టు 2007 అక్టోబరులో తేల్చింది కూడా. కానీ ఆ చట్టం ఆపమన్నది అశ్లీల ఫోటోల్ని. ఫ్లికర్ కట్టేసింది మనుషుల్ని. గొడవ తర్వాత జర్మనీ వాళ్లకి మోడరేట్ తెరిచారు, రెస్ట్రిక్టెడ్ మూసే ఉంచారు. చట్టానికి అంత చాలినప్పుడు మొదటే అక్కడ ఆగి ఉండాల్సింది.

ఇందులో మనకీ వాటా ఉంది. తర్వాతి కాలంలో ఫ్లికర్ సహాయ పేజీలో సింగపూర్, హాంకాంగ్, కొరియా పక్కన ఇండియా పేరు చేరింది. అంటే ఇండియా యాహూ ఐడీతో చేరినవాడు ఎక్కడ కూర్చున్నా సేఫ్ మాత్రమే. పక్క కుర్చీలో అమెరికా ఐడీ ఉన్నవాడికి అన్నీ కనబడతాయి. రిజిస్ట్రేషన్ దేశానికి ముడిపెడితే వచ్చే తిక్క ఇదే: మనిషి ఊరు మారుతాడు, ఐడీ మారదు.

కాబట్టి ఆపాల్సింది 'ఈ ఫోటో, ఈ దేశంలో' అని. ఖాతా జోలికి పోకండి. మీ మూడు ఫోటోలూ మూడు వేర్వేరు సమస్యలు, ఒకే మీట నొక్కితే మూడూ తీరవు.

సర్వర్‌గది:

పై మాటతో ఏకీభవిస్తూ, అమలు ఎలాగో చెప్తాను.

ముందు డేటాబేసులో ఒక చిన్న టేబుల్: ఫోటో నంబరు, రెండక్షరాల దేశం కోడ్, కారణం, ఎవరు అడిగారు, ఏ తేదీ, మళ్లీ ఎప్పుడు చూడాలి. ఆ చివరి గడి లేకపోతే ఒకసారి ఆపిన ఫోటో జన్మంతా ఆగిపోతుంది, ఎందుకు ఆపారో గుర్తున్నవాడు ఉండడు.

చూసేవాళ్ల దేశం తెలుసుకోవడానికి క్లౌడ్‌ఫ్లేర్‌లో ఐపీ జియోలొకేషన్ (ఐపీ అడ్రసుని బట్టి దేశం గుర్తించడం) ఆన్ చేస్తే ప్రతి రిక్వెస్టుకీ సీఎఫ్-ఐపీకంట్రీ అనే హెడర్ (రిక్వెస్టుతో పాటు వచ్చే సమాచారపు ముక్క) వస్తుంది. దేశం తెలియకపోతే ఎక్స్‌ఎక్స్, ఎవరో తెలియకుండా దాచే టోర్ నెట్‌వర్క్ నుంచి వస్తే టీ1 అని ఉంటుంది. ఈ రెండింటికీ ఏం చేయాలో ముందే రాసుకోండి. దీనికి బదులు ఏ ఐపీ ఏ దేశానిదో చెప్పే మ్యాక్స్‌మైండ్ వాళ్ల జియోలైట్2 ఫైలు సర్వర్లోనే పెట్టుకోవచ్చు, ఉచితమే గానీ లైసెన్స్ కీ తీసుకోవాలి, కొత్తది వచ్చాక పాత ఫైలు 30 రోజులకి మించి వాడకూడదన్నది వాళ్ల షరతు. ఇక్కడ ఎక్కువమంది పడే గొయ్యి ఒకటుంది. క్లౌడ్‌ఫ్లేర్ వెనక ఉన్న ఎన్‌జిన్‌ఎక్స్‌కి కనబడేది క్లౌడ్‌ఫ్లేర్ అడ్రసే, సందర్శకుడిది కాదు. రియల్ ఐపీ మాడ్యూల్‌లో సీఎఫ్-కనెక్టింగ్-ఐపీ హెడర్ నమ్మమని చెప్పాలి, అదీ క్లౌడ్‌ఫ్లేర్ ఐపీ శ్రేణుల నుంచి వచ్చినప్పుడు మాత్రమే. లేకపోతే ఎవడైనా హెడర్ తనే రాసి పంపుకుంటాడు. సర్వర్ అసలు ఐపీకి బయటినుంచి నేరుగా వచ్చే దారి కూడా ఫైర్‌వాల్‌లో మూసేయండి.

అసలు చిక్కు కాష్‌తో, అంటే దాచి ఉంచే కాపీలతో. ఫోటో ఫైలు ఒకసారి సీడీఎన్‌లో (క్లౌడ్‌ఫ్లేర్ కాపీలు దాచే సర్వర్లలో) కూర్చుంటే తర్వాతి రిక్వెస్టు మీ పీహెచ్‌పీ దాకా రాదు, మీ తనిఖీ జరగదు. హైదరాబాద్ సభ్యుడు చూసిన ఫోటో అలాగే బెర్లిన్‌కీ పోతుంది. చూసేవాళ్లని బట్టి వేరే కాపీ దాచమని చెప్పే వేరీ హెడర్ పెడితే సరిపోతుందనుకుంటారు, మామూలు ఫైళ్లకి క్లౌడ్‌ఫ్లేర్ దాన్ని దేశాల వారీగా లెక్కలోకి తీసుకోదు. అందుకని ఆంక్ష ఉన్న ఫోటోల్ని వేరే ఫోల్డరుకి మార్చి, ఆ దారికి కాష్ పూర్తిగా ఆపేయండి. ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఆ ఫోల్డరుకి 'ఇంటర్నల్' (బయటినుంచి నేరుగా తెరవలేనిది) అని రాసి, పీహెచ్‌పీ దేశం చూసి సరే అనుకున్నాకే ఎక్స్-ఆక్సెల్-రీడైరెక్ట్ హెడర్‌తో ఫైలు వదలాలి. ఆంక్షల ఫోటోలు పదో పరకో కాబట్టి సర్వర్ మీద బరువేమీ పడదు.

ఫోల్డరు మార్చేటప్పుడు ఫైలు పేరు కూడా మార్చండి. పాత లింకులు బయట తిరుగుతూ ఉంటాయి. ఫ్లికర్ యూఆర్‌ఎల్ గమనిస్తే ఫోటో నంబరు తర్వాత 'సీక్రెట్' అని అడ్డదిడ్డం అక్షరాలు ఉంటాయి, ఒరిజినల్ సైజుకి ఇంకో సీక్రెట్ ఉంటుంది. చిన్న సైజు లింకు దొరికినంత మాత్రాన ఒరిజినల్ లింకు ఊహించలేరు. పేరు మార్చాక పాత పేర్లన్నీ, థంబ్‌నెయిల్స్‌తో సహా, కాష్‌లోంచి తుడిచేయాలి (పర్జ్). పెద్ద ఫోటో ఆపి థంబ్‌నెయిల్ వదిలేయడం సర్వసాధారణం. దానితోపాటు ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్, వాట్సాప్‌లో లింకు పెడితే వచ్చే ప్రివ్యూ బొమ్మ, సైట్‌మ్యాప్, వారపు మెయిల్‌లో వెళ్లే బొమ్మలు, వేరే యాప్‌లకి ఫోటోలిచ్చే ఏపీఐ కూడా చూసుకోండి. మెయిల్‌లో వెళ్లిపోయినదాన్ని వెనక్కి తేలేరు, కాబట్టి మెయిల్‌లో బొమ్మ పెట్టే ముందే ఈ టేబుల్ తనిఖీ చేయించాలి.

ఆపిన చోట 404 ('పేజీ దొరకలేదు' అనే కోడ్) ఇవ్వకండి. చట్టపరమైన కారణంతో ఆపినప్పుడు ఇవ్వాల్సిన కోడ్ 451, ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 7725లో ఉంది, 2016 ఫిబ్రవరిలో వచ్చింది. లింక్ హెడర్‌లో 'బ్లాక్డ్-బై' అని ఇచ్చేది ఆపింది ఎవరో చెప్పడానికి. ఆపమన్నవాళ్ల పేరు అక్కడ రాయకూడదు, అది పేజీ లోపల రాయాలి. ఇంకోటి, 451 జవాబుని ఎవరైనా కాష్ చేసుకోవచ్చని ఆ ఆర్‌ఎఫ్‌సీయే అంటుంది. 'నో-స్టోర్' (దాచొద్దు) అని పెట్టకపోతే బెర్లిన్‌కి ఇచ్చిన 451 కాష్‌లో చేరి విజయవాడలో కూడా తలుపు మూసేస్తుంది.

రోమింగ్‌రాజా:

ఐపీ దేశం గురించి ఒక ముక్క. మన సిమ్ మీద రోమింగ్‌లో జర్మనీ వెళ్లినవాడి డేటా చాలాసార్లు ఇండియాలోని సొంత నెట్‌వర్క్ గుండానే వస్తుంది, కాబట్టి బెర్లిన్‌లో నిలబడ్డా ఇండియా ఐపీయే కనబడుతుంది. ఆఫీసు వీపీఎన్ వాడేవాళ్లది మరీ అధ్వానం, కంపెనీ గేట్‌వే ఎక్కడుంటే వాళ్లు అక్కడున్నట్టే. "నాకు కనబడుతోంది, వాడికి కనబడటం లేదు" అనే మెయిళ్లు సగం వీటివల్లే. పరీక్షించేటప్పుడు ఆ దేశపు వైఫై మీద ఉన్న సభ్యుడితోనే చూయించుకోండి.

బెర్లిన్‌బాల్కనీ:

ఫోటోల సంగతికి వద్దాం.

స్వస్తిక్. జర్మన్ శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ నిషేధించేది రాజ్యాంగ వ్యతిరేక సంస్థల గుర్తుల్ని. నాజీ గుర్తు అందులోకి వస్తుంది. గృహప్రవేశం గడప మీది పసుపు, కుంకుమ ఆ కోవలోకి రావు. నాజీ గుర్తుకి కూడా కళ, పరిశోధన, బోధన, చరిత్ర కథనాల విషయంలో మినహాయింపు ఉంది. దాన్ని అడ్డంగా గీత గీసి కొట్టేసి చూపించే నాజీ వ్యతిరేక బ్యాడ్జీలు నేరం కావని 2007 మార్చిలో ఫెడరల్ కోర్టు చెప్పింది. అదే ఏడాది మొదట్లో యూరప్ అంతటా స్వస్తిక్ నిషేధించాలన్న జర్మనీ ఆలోచన హిందూ సంఘాల అభ్యంతరాల మధ్య వెనక్కిపోయింది. కాబట్టి ఈ ఫోటో తీయొద్దు, ఆపొద్దు. ఒక్క పని చేయండి. గుర్తు ఒక్కటే నిండుగా కనబడేలా కత్తిరించిన ఫోటో అయితే గడప, మామిడాకులు, కలశం కనబడే ఫ్రేము పెట్టమనండి, కింద ఒక వాక్యం జర్మన్‌లో కూడా రాయమనండి. ఆటోమేటిక్ ఫిల్టర్లకీ, ఫిర్యాదు చదివే మనిషికీ చుట్టూ ఉన్న సందర్భమే ఆధారం.

మదనిక. ఎనిమిది వందల ఏళ్ల నాటి కాకతీయ శిల్పం, 2021లో యునెస్కో జాబితాకెక్కిన గుడి. దీన్ని అశ్లీలమని జర్మన్ చట్టం అనదు. ఫోటో స్థాయి 'సేఫ్' అనే ఉంచి ఫిర్యాదుకి జవాబు రాయండి. మోడరేట్ అని గుర్తించామనుకోండి, రేపు ఖజురాహో, కోణార్క్ ఆల్బమ్‌లన్నీ అదే దారి పడతాయి.

బస్టాపు పెద్దావిడ. ఇదొక్కటే నిజమైన ఫిర్యాదు. 1907 నాటి జర్మన్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం మనిషి రూపాన్ని ప్రచురించాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి. 23వ సెక్షన్‌లో మినహాయింపులు ఉన్నాయి: ఊరేగింపులు, సభలు, దృశ్యంలో ఓ మూల పడ్డ మనుషులు. క్లోజప్ 'ఓ మూల' కాదు. దీన్ని జర్మనీకి మాత్రమే ఆపడం అర్థం లేని పని, ఆవిడ ముఖం విజయవాడలో కనబడితే మాత్రం ఆవిడదే కదా. పూర్తిగా తీసేయండి, లేదా ఒప్పుకుంటే ముఖం మసకబార్చి పెట్టండి. మసకబార్చేటప్పుడు ఒక జాగ్రత్త. జేపెగ్ లోపల ఎక్సిఫ్‌లో (కెమెరా రాసే వివరాల్లో) చిన్న థంబ్‌నెయిల్ ఉంటుంది. కొన్ని ఎడిటర్లు దాన్ని తాజా చేయవు, పైన ముఖం మసక, లోపల స్పష్టం. ఇమేజ్‌మ్యాజిక్ అనే టూల్‌లో 'స్ట్రిప్' కొడితే అది పోతుంది గానీ ఓరియంటేషన్, కలర్ ప్రొఫైల్ కూడా పోయి ఫోటో పక్కకి తిరుగుతుంది, రంగులు వెలిసిపోతాయి. ముందు 'ఆటో-ఓరియెంట్' చేసి, వెబ్‌లో వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగులకి మార్చి, ఆ తర్వాత స్ట్రిప్.

దుబాయ్ సభ్యులకి ఒక హెచ్చరిక పెట్టండి. అక్కడ 2021 నాటి 34వ నంబరు డిక్రీ కింద అనుమతి లేకుండా ఇతరుల ఫోటో తీసి పెట్టడం నేరం కావచ్చు. మీరు యూఏఈకి చూపించకుండా ఆపినా పెట్టినవాడు అక్కడే ఉన్నాడు. దేశాల వారీ ఆంక్ష చూసేవాళ్ల వైపు పని చేస్తుంది, పెట్టేవాళ్లని కాపాడదు.

ఆన్‌లైన్ సేవల బాధ్యతలు చెప్పే యూరప్ డిజిటల్ సర్వీసెస్ చట్టం 2024 ఫిబ్రవరి 17 నుంచి అందరికీ వర్తిస్తోంది. కానీ ఒక సైటు అక్కడినుంచి తెరుచుకున్నంత మాత్రాన దాని కిందికి రాదు. యూరప్ వాళ్లని లక్ష్యంగా పెట్టుకోవడమో, అక్కడ చెప్పుకోదగ్గ సంఖ్యలో వాడుకర్లు ఉండటమో కావాలి. మీది రాకపోవచ్చు. అయినా అందులోని 17వ ఆర్టికల్ ఒక మంచి అలవాటు: ఏదైనా ఆపితే పెట్టినవాళ్లకి కారణం స్పష్టంగా చెప్పాలి.

కృష్ణాతీరం:

చాలా ఉపయోగపడింది, అందరికీ థాంక్స్. కమిటీ ప్రతిపాదన పక్కన పెట్టిస్తాను. రెండు మిగిలాయి. ఇండియా చట్టం ప్రకారం తీసేసిన ఫోటో ఫైలు వెంటనే డిలీట్ చేయాలా? ఆపిన చోట ఏం రాసి చూపించాలి?

సర్వర్‌గది:

ఫైలు వెంటనే డిలీట్ చేయొద్దు. 2021 ఐటీ నిబంధనల్లో 3(1)(జీ) ప్రకారం తీసేసిన సమాచారాన్నీ, దానికి సంబంధించిన రికార్డులనీ దర్యాప్తు కోసం 180 రోజులు భద్రపరచాలి. వెబ్ నుంచి ఏ దారీ లేని చోట పెట్టి, ఒక్కరికే తాళం ఉంచండి. కోర్టు ఉత్తర్వు లేదా ప్రభుత్వ నోటీసు వస్తే 36 గంటల్లో తీసేయాలని 2021లో రాశారు. తమ నగ్న చిత్రాలు పెట్టారనో, తమలా మార్ఫింగ్ చేశారనో బాధితులు చెబితే 24 గంటలన్నారు. ఈ గడువులు సవరణల్లో మారుతూ వస్తున్నాయి, ఐటీ మంత్రిత్వ శాఖ సైటులో తాజా ప్రతి చూసి సైటులో రాసుకోండి. పిల్లల లైంగిక చిత్రాలైతే మాత్రం ఎవరికీ ఫార్వర్డ్ చేయకుండా, కమిటీ గ్రూపులో కూడా పెట్టకుండా, వెంటనే ఆపి పోలీసులకి చెప్పాలి. అందులో సలహాలు అడిగే పని లేదు.

పేజీలో చూపించే మాట ఇలా ఉండొచ్చు: "ఈ ఫోటో జర్మనీలో కనబడదు. కారణం: ఫలానా చట్టం, ఫలానా సెక్షన్. ఆపమని కోరింది: ఫలానా కోర్టు. ఆపిన తేదీ. అభ్యంతరం ఉంటే ఈ మెయిల్‌కి రాయండి." కోరింది ప్రైవేటు వ్యక్తి అయితే పేరు వేయకండి, 'ఫోటోలోని వ్యక్తి' అంటే చాలు. ఇదే సమాచారం ఫోటో పెట్టిన సభ్యుడికి విడిగా మెయిల్‌లో వెళ్లాలి, పేజీ మారకముందే.